విత్తనాల జల్లెడ సెట్ రివ్యూ: గునుగు ఆగింది, ముళ్ల తోటకూర దాటిపోయింది

నమస్కారం. మిద్దెతోట మిత్రులందరికీ స్వాగతం. ఈ రోజు బల్ల మీద ఉన్నది ఇంటి తోటల వాళ్ల కోసం తయారుచేసిన విత్తన శుద్ధి సెట్. నాలుగు స్టీలు జల్లెడలు, ఒక తెల్లటి పళ్లెం, ఒక భూతద్దం, ఒక కట్ట కాగితపు కవర్లు. తయారీదారులు దీన్ని నాకు ఉచితంగా పంపారు. డబ్బు తీసుకోలేదు, వీడియోను ముందుగా వాళ్లకు చూపించలేదు. జల్లెడల కొలతలు, ధర, బరువు మీరు ఇప్పటికే ఎక్కడో చూసే ఉంటారు కాబట్టి వాటి జోలికి వెళ్లను. నేరుగా తోటకూర దగ్గరికి వెళ్దాం.

తోటకూరే ఎందుకంటే, మిద్దెతోటల వాళ్లం ఒకరికొకరు కవర్లలో పంపుకునే మన విత్తనాల మార్పిడిలో ఎవరికీ ఇవ్వడానికి చెయ్యి వెనకాడని విత్తనం అది. ఒక్క వెన్ను దులిపితే గుప్పెడు వస్తుంది. అడిగిన వాళ్లకూ అడగని వాళ్లకూ పంచుతాం. నాకు వచ్చిన కవర్లలో కలుపును ఎక్కువగా మోసుకొచ్చిందీ అదే. పోయిన ఏడాది మార్పిడిలో వచ్చిన ఒక కవరు నుంచి ఎర్ర తోటకూర చల్లితే మూడు రకాల మొక్కలు లేచాయి. ఒకటి నేను కోరుకున్నది. రెండోది గునుగు. మూడోది ముళ్ల తోటకూర. ‘విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా’ అంటారు పెద్దలు. విత్తనాలను పంచుకునే మన లోకంలో ఆ ప్రశ్నకు జవాబు మొలుస్తుందనే.

ఆ కవరులో మిగిలిన విత్తనాన్ని దాచి ఉంచాను. ఈ సెట్ రాగానే మొదట పట్టిన పరీక్ష అదే. కెమెరా దగ్గరగా తీసుకువస్తున్నాను, చూడండి. ఈ పళ్లెంలో ఉన్నవన్నీ నల్లగా, నున్నగా, మెరుస్తూ ఒకేలా కనిపిస్తున్నాయి కదా. తోటకూర గింజ అడ్డం దాదాపు ఒక మిల్లీమీటరు. గునుగు గింజ దానికంటే కొంచెం పెద్దది. రెండూ ఒకే కుటుంబానికి చెందినవి కాబట్టి పోలిక సహజం. మూడో జల్లెడలో పోసి వేళ్లతో మెల్లగా తడుతూ ఆడిస్తే తోటకూర కిందికి జారింది, గునుగులో ఎక్కువ భాగం పైన నిలిచింది. ఇది నిజంగా సంతోషం కలిగించింది. ఇంతకుముందు టీ వడపోసే జల్లెడ వాడాను, తర్వాత ఒక ప్లాస్టిక్ జల్లెడల సెట్ కొన్నాను. ఆ ప్లాస్టిక్ వాటిలో వల అంచు నుంచి ఊడివచ్చి గింజలన్నీ ఆ సందులో ఇరుక్కునేవి. ఒక రకం విత్తనం జల్లించాక రెండో రకం పోస్తే మొదటిది అందులోకి దిగేది. శుద్ధి కోసం కొన్న వస్తువే కల్తీకి కారణమయ్యేది. ఈ స్టీలు జల్లెడలో అంచుకు సందు లేదు. బోర్లించి ఒక్కసారి తట్టి, పొడి బ్రష్షుతో తుడిస్తే ఒక్క గింజ మిగలదు. జల్లెడల గురించి నేను చెప్పే మంచి మాట ఇదే, చాలా పెద్ద మాట కూడా.

ఇప్పుడు కోపం తెప్పించిన విషయం. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ‘కలుపు లేని విత్తనం మీ చేతుల్లో’ అని అచ్చు వేశారు. ఈ మాట అబద్ధం. ముళ్ల తోటకూర గింజకూ మనం తినే తోటకూర గింజకూ పరిమాణంలో, బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈ సెట్‌లోని ఏ జల్లెడా వాటిని విడదీయలేకపోయింది. భూతద్దం పెట్టి ఎంతసేపు చూసినా నాకు తేడా దొరకలేదు. మొలక వచ్చాక కూడా వెంటనే దొరకదు. గునుగు మొలకనైతే పట్టుకోవచ్చు: ఆకు కాస్త పొడుగ్గా, కొన మొనతేలి ఉంటుంది. ముళ్ల తోటకూర ఆకు మాత్రం తోటకూర ఆకులాగానే ఉంటుంది. మొక్క ఎదిగి, ఆకు తొడిమ కాండాన్ని అంటుకునే చోట రెండేసి ముళ్లు పొడుచుకువచ్చాకే అసలు రూపం బయటపడుతుంది. అప్పటికి చూసుకోకుండా చెయ్యి పెట్టిన వాళ్ల వేళ్లకు ముందే తెలిసిపోతుంది. లేతగా ఉన్నప్పుడు దాన్ని కూడా కూర వండుకునే వాళ్లున్నారు, కాదనను. కానీ ఒక్క మొక్క వెన్ను వేసి రాలిస్తే ఆ కుండీలో వచ్చే ఏడాది ఏం వేసినా ముందు అదే లేస్తుంది.

చాట సంగతి చెప్పకుండా ఉండలేను. మా అమ్మమ్మ ఇంట్లో విత్తనం ఏదైనా చాటలోకి రావలసిందే. చెరిగితే పొల్లు, తాలు ఎగిరి పోయేవి. నేమితే బరువైనవి ఒక పక్కకు, తేలికవి ఒక పక్కకు చేరేవి. జల్లెడ పరిమాణాన్ని మాత్రమే చూస్తుంది, చాట బరువును చూస్తుంది. వయ్యారిభామ గింజ సన్నగా, చాలా తేలికగా ఉంటుంది. అది ఈ జల్లెడల్లో తోటకూరతో పాటే జారిపోయే ప్రమాదం ఉంది, కానీ చాటలో నాలుగు దెబ్బలు చెరిగితే ఎగిరిపోతుంది. ఒక్క వయ్యారిభామ మొక్క వేల గింజలు వేస్తుంది. మన దేశంలో దాన్ని 1950ల్లో పుణె దగ్గర గుర్తించారు. దిగుమతి చేసుకున్న ధాన్యంతో కలిసి వచ్చిందని ఎక్కువ మంది చెబుతారు. తిండి గింజల్లో దొర్లి వచ్చిన ఒక కలుపు ఈ రోజు ప్రతి ఊరి రోడ్డు పక్కన నిలబడి, చర్మానికి దురద, ఊపిరికి ఆయాసం తెచ్చిపెడుతోంది. అందుకే చిటికెడు విత్తనమే కదా అనే మాట నేను ఒప్పుకోను. ఈ సెట్ కొనేవాళ్లు జల్లెడలతో పాటు ఒక చిన్న వెదురు చాట కూడా దగ్గర పెట్టుకోండి.

పళ్లెం దగ్గరికి వస్తున్నాను. నిజం చెప్పాలంటే ఈ సెట్‌లో నా మనసు దోచుకున్నది ఇదొక్కటే. మెరుపు లేని తెలుపు, అందువల్ల దీపం వెలుగు కంటికి కొట్టదు. ఒక పక్క కొంచెం వాలు. ఒక మూల చిన్న ముక్కు. గింజలు పోసి ఒక్కసారి వంచితే గుండ్రటివి దొర్లి ముందుకు పోతాయి, బల్లపరుపువి, గరుకువి వెనకబడతాయి. ఆవాల మీద పరీక్షించాను. ఆవాల్లో భయపడవలసింది బ్రహ్మదండి, అదే పసుపు పూలు పూసే ముళ్ల కలుపు. దాని గింజ ఆవగింజంతే ఉంటుంది, నల్లగానే ఉంటుంది. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో ఆ గింజల నూనె కలిసి ఎంతమంది ప్రాణాలు పోయాయో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఈ పళ్లెంలో ఆవాలు పోసి భూతద్దం పెట్టండి. ఆవగింజ నునుపుగా కనిపిస్తుంది. బ్రహ్మదండి గింజ ఒంటి మీద వల అల్లినట్టు గీతలుంటాయి. ఒకసారి చూశారంటే మళ్లీ పొరపడరు. తెల్లటి పళ్లెం, మంచి వెలుతురు, ఓపిక ఉంటే చాలు.

కానీ గింజ బయటికి చెప్పనివి కొన్ని ఉంటాయి. సొర తీసుకోండి. చేదు సొర గింజకూ మంచి సొర గింజకూ చూపుకు తేడా ఉండదు. చేదు సొరకాయ రసం తాగి ఆసుపత్రి పాలైన వాళ్లున్నారు, ప్రాణాలు పోయిన వాళ్లూ ఉన్నారు. ఆ తీగ కాయ తిని చూశారా లేదా అన్నది విత్తనం ఇచ్చిన మనిషికి మాత్రమే తెలుసు. ముళ్ల తోటకూర సంగతీ అంతే. వెన్ను కోసిన చోట చుట్టుపక్కల ఆ కలుపు ఉందా లేదా అన్నది కోసిన మనిషి కళ్లు చూసి ఉండాలి. ఇచ్చే వాళ్ల మంచితనం మీద నాకు అనుమానం లేదు. మంచి మనసుతో ఇచ్చిన కవరులోనూ కలుపు ఉంటుంది. నాకు కావలసింది వాళ్లు చూసినదాన్ని చూసినట్టు కవరు మీద రాయడం.

ఇక్కడే ఈ సెట్ మీద నా అసలు ఫిర్యాదు. ఈ కవర్లు చూడండి. కాగితం మంచిది, గాలి ఆడుతుంది, అంచులు గట్టిగా అంటించారు. పైన అందమైన తీగ బొమ్మ. కింద మొక్క పేరు రాయడానికి ఒక గీత, తేదీకి ఒక గీత. ఆ తర్వాత సగం కవరు ‘ప్రేమతో’ అనే అక్షరాలకే పోయింది. ఎవరు పండించారు? ఏ ఊళ్లో, నేలలోనా కుండీలోనా? పక్కన అదే జాతి మొక్కలు ఏమున్నాయి? ఏ కలుపు కనిపించింది? ఈ నాలుగింటికీ చోటు లేదు. అంగట్లో అమ్మే విత్తనానికి 1966 నాటి విత్తన చట్టం ఉంది. ప్యాకెట్టు మీద మొలక శాతం, శుద్ధత రాయాలి. ధ్రువీకరణ పొందే బెండ విత్తనంలో అడవి బెండ కలిసిందేమో ప్రత్యేకంగా చూస్తారు. మన మధ్య నడిచే మార్పిడికి అలాంటి తనిఖీ ఏదీ లేదు, ఉండాలని నేను కోరను కూడా. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ చట్టం రైతుకు తన విత్తనాన్ని దాచుకునే, పంచుకునే, ఇచ్చిపుచ్చుకునే హక్కు ఇచ్చింది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు చిరుధాన్యాల విత్తనాన్ని తరం నుంచి తరానికి ఎలా కాపాడుకుంటున్నారో చూడండి. అక్కడ ఇచ్చేవాళ్ల చేనును పుచ్చుకునేవాళ్లు కళ్లారా చూస్తారు. మనం ముఖం చూడని మనిషికి కొరియరులో పంపుతున్నాం. ఆ చేను స్థానంలో మనకు ఉన్నది ఈ కవరు మీది రాత ఒక్కటే. దాన్ని తీసేసి తీగ బొమ్మ వేశారు.

ఒక మాట విత్తనం ఇచ్చేవాళ్ల పక్షాన కూడా చెప్పాలి. కుండీలో తుంగ లేస్తే కవరు పంపిన వాళ్లను తిట్టకండి. తుంగ ఎక్కువగా గడ్డల ద్వారా వ్యాపిస్తుంది. అది మీరు తెచ్చిన మట్టిలోనో, నర్సరీ మొక్క వేరు ముద్దలోనో వచ్చి ఉంటుంది. సగం మాగిన పశువుల ఎరువులో కూడా బోలెడు కలుపు గింజలుంటాయి. ఎవరిది తప్పో తేల్చుకోవడానికి నేను చేసేది చెబుతాను. వచ్చిన కవరు నుంచి ఒక చిటికెడు తీసి, కడిగిన ట్రేలో కొత్త కొబ్బరిపొట్టు మాత్రమే వేసి చల్లుతాను. పక్కన విత్తనం వేయని కొబ్బరిపొట్టు ట్రే ఒకటి పెడతాను. విత్తనం వేసిన దాంట్లోనే కలుపు లేస్తే అది కవరులో వచ్చిందే. తోటకూర అయితే ముళ్ల జాడ తేలేదాకా అక్కడే ఉంచుతాను. ఆలస్యం అవుతుంది, కానీ కలుపు గింజ ఓపిక ముందు మన ఓపిక ఎంత? అమెరికాలో బీల్ అనే వృక్షశాస్త్రవేత్త 1879లో సీసాల్లో పెట్టి పాతిన గింజల్లో కొన్ని 2021లో మొలకెత్తాయి. కృష్ణా, గుంటూరు మాగాణుల్లో మినుము వేసే రైతును బంగారుతీగ గురించి అడగండి. దాని గింజ ఒకసారి నేలలో పడితే ఎన్ని ఏళ్లు వెంటాడుతుందో చెబుతారు.

విదేశాల్లో ఉన్న మన వాళ్లు వీడియోల కింద గోంగూర, చిక్కుడు విత్తనాలు పంపమని అడుగుతుంటారు. మామూలు కవరులో పెట్టి పంపను. అమెరికాకైతే అక్కడి వ్యవసాయ శాఖ అనుమతి ఉంటేనే చిన్న మొత్తాలకు దారి ఉంది, మీరు ముందుగా ఆ అనుమతి తీసుకోండి.

ఇక తీర్పు. జల్లెడలు బాగున్నాయి, భూతద్దం మామూలుగా ఉంది, కవర్లకు మార్కులు సున్నా. పెట్టె మీది మాట తీసేయాలి, అది కొత్తవాళ్లను తప్పుదారి పట్టిస్తుంది. అయినా ఎవరైనా కొనమంటారా అని అడిగితే కొనమనే అంటాను, ఆ పళ్లెం కోసం. విడిగా అమ్మితే ఇంకా మంచిది. ఆ మాట తయారీదారులకు రాశాను, కవర్ల మీద నాలుగు గీతలు కావాలని కూడా రాశాను.

ఈ సారి మార్పిడికి నా నుంచి చిక్కుడు, గోంగూర, టమాట వస్తాయి. వాటి గింజలు ఒక్కొక్కటి పళ్లెంలో చూసే పరిమాణంలో ఉంటాయి. తోటకూర మాత్రం ఇవ్వను, నా మిద్దె మీద ముళ్ల తోటకూర మొలవకుండా ఒక సీజన్ గడిచేదాకా అడగకండి. మీరు పంపే కవర్ల మీద తీగ బొమ్మ మీదుగానైనా సరే, ఊరు, పండించిన తీరు, పక్కన ఉన్న మొక్కలు, కనిపించిన కలుపు రాయండి. ఏమీ రాయని కవర్లను ఈసారి పంచడం లేదు, పంపిన వాళ్లకే తిప్పి పంపుతున్నాను.