ఫోల్డర్లు సర్దే స్క్రిప్ట్ రాసే ముందు

అందరికీ నమస్కారం.

మా తమ్ముడి పెళ్లి ఫోటోలు రెండు కెమెరాలతో తీశారు. రెండూ ఒకే కంపెనీవి. పెళ్లయిన వారానికి రెండు మెమరీ కార్డుల్లోవీ నా లాప్‌టాప్‌లోకి దించాను. రెండు వేలకు పైనే ఉన్నాయి. చేత్తో సర్దడం ఎందుకు, పైథాన్ వచ్చు కదా అని పది లైన్ల స్క్రిప్ట్ రాశాను. ఫోటో తీసిన తేదీ చూడాలి, ఆ తేదీ పేరుతో ఫోల్డర్ లేకపోతే తయారు చేయాలి, ఫోటోను అందులోకి జరపాలి. అంతే. అర నిమిషంలో పనైపోయింది. ఎర్రర్ ఒక్కటీ రాలేదు. రెండు రోజుల తర్వాత అమ్మ అడిగింది, "నాయనమ్మ అక్షింతలు వేస్తున్న ఫోటో ఏదిరా?" అని. ఎంత వెతికినా లేదు. లెక్కపెడితే దాదాపు నాలుగు వందల ఫోటోలు తక్కువున్నాయి. కార్డులు అప్పటికే తిరిగిచ్చేశాను, వాటి మీద ఇంకో పెళ్లి ఫోటోలు ఎక్కేశాయి.

ఆ ఫోటోలు ఎలా పోయాయో అర్థం కావాలంటే ఫోల్డర్ అంటే ఏమిటో తెలియాలి. మనం దాన్ని వస్తువులు పెట్టుకునే పెట్టెలా ఊహించుకుంటాం. లినక్స్‌లో అయితే అది ఒక పేర్ల పట్టిక. ఒక వరసలో ఫైలు పేరు, పక్కన ఆ ఫైలు ఐనోడ్ నంబరు, అంటే సిస్టమ్ ఆ ఫైలును గుర్తుపట్టే నంబరు. ఫైల్లోని సరుకు డిస్క్ మీద ఇంకెక్కడో ఉంటుంది. అందుకే నాలుగు జీబీల వీడియోను అదే డిస్క్‌లో ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కి జరిపితే కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది. ఈ పట్టికలోంచి పేరు కొట్టేసి ఆ పట్టికలో రాస్తారు, సరుకు కదలదు. అదే వీడియోను పెన్‌డ్రైవ్‌లోకి పంపాలంటే మొత్తం కాపీ చేసి పాతది చెరపాలి. పైథాన్ ఓఎస్ మాడ్యూల్లోని రీనేమ్‌కి ఈ రెండో పని చేతకాదు, ఎర్రర్ ఇస్తుంది. షూటిల్ మాడ్యూల్లోని మూవ్ చేస్తుంది.

ఒక పట్టికలో ఒక పేరు ఒక్కసారే ఉండాలి. నా రెండు కెమెరాలూ ఫోటోలకు డీఎస్‌సీ_0001, 0002 అంటూ పేర్లు పెట్టుకుంటూ వెళ్లాయి. 9999 దాటితే మళ్లీ 0001కే వస్తాయి. ఒకే రోజు, ఒకే పేరు, రెండు వేరు ఫోటోలు. మొదటిది ఫోల్డర్‌లో కూర్చుంది. రెండోది వచ్చేసరికి, లినక్స్‌లో రీనేమ్ ఏమీ అడగకుండా పాత పేరు పక్కన కొత్త ఫైలును రాసేసింది. పాత ఫోటోకు ఇక ఏ పట్టికలోనూ పేరు లేదు. విండోస్‌లో ఇదే స్క్రిప్ట్ నడిపి ఉంటే, ఆ పేరుతో ఫైలు ఇప్పటికే ఉందని ఎర్రర్ ఇచ్చి ఆగిపోయేది. ఒకే లైను, రెండు సిస్టమ్‌లలో రెండు ప్రవర్తనలు. జరిపే ముందు అక్కడ ఆ పేరు ఉందా అని ఒక్క మాట అడిగి ఉంటే నాయనమ్మ ఫోటో ఉండేది. ఇప్పుడు నేను రాసే ప్రతి స్క్రిప్ట్‌లో ఆ ప్రశ్న ఉంటుంది. ఉంటే సైజులు పోలుస్తాను, సైజులు కలిస్తే హ్యాష్, అంటే ఫైల్లోని సరుకు నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్య, చూస్తాను. నిజంగా వేరు ఫైళ్లయితే కొత్తదాని పేరు చివర ఒక అంకె చేరుస్తాను.

ఇక పనిముట్ల సంగతి. కొత్తగా నేర్చుకునేవాళ్లు పాత్‌లిబ్ మాడ్యూల్‌తో మొదలుపెట్టండి. అది 2014లో పైథాన్ 3.4తో వచ్చింది. అంతకుముందు ఫైలు ఎక్కడుందో చెప్పే దారిని (పాత్) మామూలు అక్షరాల వరసగా రాసేవాళ్లం. విండోస్‌లో దారి మధ్య వెనక్కి వాలిన గీత ఉంటుంది. దాని తర్వాత 'ఎన్' అక్షరం వస్తే పైథాన్ ఆ రెంటినీ కలిపి కొత్త లైనుగా చదువుతుంది. 'న్యూ' అనే ఫోల్డర్ దొరకడం లేదని సగం రోజు వెతికినవాళ్లను నేను చూశాను. పాత్‌లిబ్‌లో ముక్కల్ని మామూలు స్లాష్‌తో కలిపితే చాలు, ఏ సిస్టమ్‌కి తగ్గట్టు ఆ సిస్టమ్‌కి అదే చూసుకుంటుంది.

తేదీల దగ్గర కూడా జాగ్రత్త. ఫైలు చివరిసారి మారిన తేదీ, ఫోటో తీసిన తేదీ ఒకటి కావు. షూటిల్‌లో కాపీ వాడితే తేదీ ఇవాళ్టిదైపోతుంది, కాపీ2 వాడితే పాతదే నిలుస్తుంది. అసలు తేదీ ఫోటో లోపల, కెమెరా రాసిపెట్టే ఎగ్జిఫ్ అనే సమాచారంలో ఉంటుంది. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా వచ్చినవాటిలో అదీ ఉండదు.

తెలుగు పేర్ల గురించి కాస్త ఎక్కువ మాట్లాడతాను, ఎందుకంటే ఇది ఇంగ్లిష్ పాఠాల్లో దొరకదు. ఫోల్డర్లకు తెలుగులో పేర్లు పెట్టండి. మన ఇంటి ఫోటోలకు మన మాటల్లో పేర్లు ఉండాలని నాకు గట్టి కోరిక. కానీ మూడు విషయాలు తెలిసి పెట్టండి.

లినక్స్‌లో ఎక్కువగా వాడే ఫైల్ సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్లను దాచే పద్ధతి) ఈఎక్స్‌టీ4లో ఒక పేరు 255 బైట్లు దాటకూడదు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు, అంటే 85 గుర్తులే. ఒత్తులూ గుడింతాలూ విడిగా లెక్క. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం, డిస్క్‌కి ఆరు గుర్తులు, 18 బైట్లు. విండోస్‌లో లెక్క వేరు, అక్కడ 255 తెలుగు గుర్తులూ పడతాయి. అక్కడ పెట్టిన పొడుగాటి పేరు ఇక్కడికి కాపీ కాకపోతే కారణం ఇదే.

రెండోది ఐత్వం. 'కైలాసం'లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వమూ దాని కింద ఐత్వ చిహ్నమూ అని రెండుగానూ రాయొచ్చు. చూపుకి తేడా ఉండదు. పాత మ్యాక్‌ల ఫైల్ సిస్టమ్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లను ఇలా రెండు గుర్తులుగా విడగొట్టి దాచేది. అక్కడినుంచి వచ్చిన 'కైలాసం', మీరు టైప్ చేసిన 'కైలాసం' పైథాన్‌కి రెండు వేరు మాటలు. పోల్చే ముందు రెంటినీ యూనికోడ్‌డేటా మాడ్యూల్‌తో ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి, అంటే విడిపోయిన గుర్తులు కలిసిన రూపంలోకి, మార్చాలి.

మూడోది పొల్లు తర్వాత వచ్చే కనపడని గుర్తు. హైదరాబాద్ అని టైప్ చేస్తే కొన్ని కీబోర్డులు చివర ఒక జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను తగిలిస్తాయి. కంటికి ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు పక్కపక్కనే కనిపిస్తే అనుమానించాల్సింది దీన్నే. ఎన్‌ఎఫ్‌సీ దీన్ని తీయదు, మాట చివర ఉన్నదాన్ని మనమే తీసేయాలి. మాట మధ్యలోది మాత్రం ముట్టుకోకండి, అక్కడ అది లేకపోతే అక్షరాలు కలిసిపోయి ఒత్తుగా మారతాయి.

చెరిపే పని గురించి ఒక్క మాట. ఆర్‌ఎమ్‌డిర్ ఖాళీ ఫోల్డర్‌నే తీస్తుంది. ఆర్‌ఎమ్‌ట్రీ లోపలున్నదంతా తీసేస్తుంది, రీసైకిల్ బిన్‌లోకి కూడా పోదు. ఇంటి ఫోటోల స్క్రిప్ట్‌లో నేను ఆర్‌ఎమ్‌ట్రీ రాయను. వద్దనుకున్నవి 'తీసేయాల్సినవి' అనే ఫోల్డర్‌లోకి జరుపుతాను, నెల తర్వాత నా చేత్తో నేనే చెరుపుతాను.

ఇప్పుడు ఈ జాగ్రత్తలతో రాసిన స్క్రిప్ట్ నడిపి చూద్దాం. మీ లాప్‌టాప్‌లలో 'ప్రయోగం' ఫోల్డర్ తెరవండి, అందులో ఉన్నవన్నీ కాపీలే. మొదటిసారి నడిపినప్పుడు ఇది ఒక్క ఫైలునీ ముట్టుకోదు. ఏది ఎక్కడికి జరపబోతోందో తెర మీద రాస్తుంది, దీన్నే డ్రై రన్ అంటారు. ఆ జాబితా మొత్తం చదవండి. పదిహేడో లైను దగ్గర ఒకే పేరుతో రెండు ఫోటోలు కనిపిస్తాయి, అక్కడ ఆగి నన్ను పిలవండి.