అప్పు అనే కళ్ళెం: ఏడవ హెన్రీ గద్దెనూ ఖజానానూ నిలబెట్టుకున్న తీరు

[తెరపై: నల్లటి నేపథ్యంలో ఒకే ఒక అంకె: 70,650]

నమస్కారం. 1507లో ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో పలుకుబడి గల జార్జి నెవిల్ అనే ప్రభువుకు, అంటే బర్గవెనీ ప్రభువుకు, 70,650 పౌండ్ల జరిమానా పడింది. లెక్క చాలా సూటిగా ఉంది. రాజు అనుమతి లేకుండా ఆయన 471 మంది బంటులను 30 నెలల పాటు పోషించాడు. చట్టం ప్రకారం మనిషికి నెలకు 5 పౌండ్లు చెల్లించాలి. గుణించి చూస్తే సరిగ్గా ఆ మొత్తమే వస్తుంది. ఆ రోజుల్లో ఇంగ్లండు రాజుకు అన్ని వైపుల నుంచీ కలిపి ఏడాదికి వచ్చే రాబడి లక్ష పౌండ్లకు కాస్త పైన ఉండేదని చరిత్రకారుల అంచనా. అంటే, రాజ్యం మొత్తానికి ఏడాదిలో వచ్చే సొమ్ములో సగానికి మించిన భారం ఒక్క మనిషి నెత్తిన పడిందన్నమాట. ఇంత సొమ్ము ఎవరూ కట్టలేరని జరిమానా వేసిన రాజు ఏడవ హెన్రీకి తెలియక కాదు. అసలు ఆ సొమ్ము ఎందుకు అడిగాడో అర్థం కావాలంటే, ఇరవై రెండేళ్ళు వెనక్కి, ఒక యుద్ధభూమి దగ్గరికి వెళ్ళాలి.

[తెరపై: ఇంగ్లండు పటం. వేల్స్ తీరం నుంచి బాస్వర్త్ వరకు ఎర్రటి గీత]

1485 ఆగస్టు 7న వేల్స్ తీరంలో ఓడ దిగిన హెన్రీ ట్యూడర్‌కు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు. ఆ వయసులో సగం, అంటే పద్నాలుగేళ్ళు, బ్రిటనీలోనూ ఫ్రాన్సులోనూ పరాయి పంచన గడిపినవాడు. తండ్రి ఆయన పుట్టకముందే చనిపోయాడు. కన్నప్పుడు తల్లి మార్గరెట్ బోఫోర్ట్‌కు పదమూడేళ్ళు. గద్దె మీద ఆయనకున్న హక్కు ఆ తల్లి వైపు నుంచి వచ్చిందే, అదీ అంతంతమాత్రం. బోఫోర్ట్ వంశం పెళ్ళికి ముందు పుట్టిన సంతానం నుంచి వచ్చింది. తర్వాత వారిని చట్టబద్ధులుగా గుర్తించినా, కిరీటానికి మాత్రం అర్హులు కారని నాలుగవ హెన్రీ కాలంలోనే రాసిపెట్టారు. ఇంత బలహీనమైన హక్కుతో వచ్చిన మనిషి ఆగస్టు 22న బాస్వర్త్ దగ్గర అప్పటి రాజు, యార్క్ వంశపు మూడవ రిచర్డును ఓడించి ఏడవ హెన్రీగా రాజయ్యాడు. గెలుపు కూడా పూర్తిగా సొంత బలంతో వచ్చింది కాదు. చివరి ఘడియ వరకు ఎటూ తేల్చకుండా నిలబడిన సర్ విలియం స్టాన్లీ సేన హెన్రీ వైపు దూకినందువల్లనే రిచర్డు ఆ పొలంలో చనిపోయాడు.

గెలిచిన మరుక్షణం నుంచి హెన్రీ చేసిన పనుల్లో సైన్యం కంటే చట్టమూ కాగితమూ ఎక్కువగా కనిపిస్తాయి. అన్నిటికన్నా గడుసైనది తేదీ మార్పు. తన పాలన ఆగస్టు 21న, అంటే యుద్ధానికి ముందు రోజే మొదలైందని ఆయన ప్రకటించాడు. ఒక్క రోజు వెనక్కి జరిపినందువల్ల, అభిషిక్తుడైన రిచర్డు పక్షాన న్యాయంగా యుద్ధం చేసినవాళ్ళందరూ ఒక్కసారిగా రాజద్రోహులైపోయారు. ద్రోహుల ఆస్తి ఖజానాకు చేరుతుంది. అంటే, శత్రువుల బలం తగ్గడమూ, రాజు భూమి పెరగడమూ ఒకే కలంపోటుతో జరిగిపోయాయి. విచిత్రం ఏమిటంటే, పదేళ్ళ తర్వాత 1495లో ఇదే రాజు, గద్దె మీద ఉన్న రాజుకు కొలువు చేసినవాళ్ళను ఆ కారణంగా ద్రోహులుగా పరిగణించకూడదని చట్టం చేయించాడు. తాను గద్దెనెక్కేటప్పుడు ఒక న్యాయం, గద్దెను కాపాడుకునేటప్పుడు మరో న్యాయం.

[తెరపై: మూడు తేదీలు ఒకదాని తర్వాత ఒకటి: 1485 అక్టోబరు 30, 1485 నవంబరు 7, 1486 జనవరి 18]

ఈ మూడు తేదీల వరుసను గమనించండి. మొదట పట్టాభిషేకం, తర్వాత పార్లమెంటు, ఆ తర్వాతనే నాలుగవ ఎడ్వర్డు కూతురు ఎలిజబెత్‌తో పెళ్ళి. పార్లమెంటు తనను రాజును చేసిందని ఎవరూ అనకూడదు. కాబట్టి సభ కూడక ముందే కిరీటం పెట్టుకున్నాడు. భార్య పుణ్యాన రాజయ్యాడని కూడా ఎవరూ అనకూడదు. కాబట్టి యార్క్ వంశపు రాకుమారిని పెళ్ళాడతానని ముందే మాట ఇచ్చినా, ఆ పెళ్ళిని చివరికి జరిపాడు. 1486 సెప్టెంబరులో కొడుకు ఆర్థర్ పుట్టడంతో, గద్దె కోసం పోరాడుకున్న రెండు వంశాలు, హెన్రీ వైపు లాంకస్టర్, ఎలిజబెత్ వైపు యార్క్, ఒక ఊయలలో కలిశాయి.

పెళ్ళితో పగలు చల్లారలేదు. 1487 మేలో డబ్లిన్‌లో లాంబర్ట్ సిమ్నెల్ అనే పిల్లవాడికి, గద్దెకు హక్కుదారుడైన యార్క్ వంశపు వార్విక్ ప్రభువు ఇతడేనని చెప్పి కిరీటం పెట్టారు. అసలు వార్విక్ ప్రభువు లండను టవర్‌లో హెన్రీ చెరలోనే ఉన్నాడు. జూన్ 16న స్టోక్ దగ్గర తిరుగుబాటుదారుల సైన్యం ఓడిపోయింది. హెన్రీ ఆ పిల్లవాడిని చంపించలేదు. రాజుగారి వంటశాలలో మాంసం కాల్చే ఇనుప చువ్వను తిప్పే పనిలో పెట్టాడు. ఒకప్పుడు కిరీటం పెట్టుకున్న తల పొయ్యి ముందు చెమటలు కక్కుతుంటే, వాడి పేరు మీద మళ్ళీ ఎవరు జెండా ఎత్తుతారు? ఉరికొయ్య కంటే పొయ్యి చౌక అని ఆయనకు తెలుసు. కానీ ఈ దయ అందరికీ దక్కలేదు. చనిపోయాడనుకున్న యార్క్ రాకుమారుడు, నాలుగవ ఎడ్వర్డు చిన్న కొడుకు, తానేనంటూ 1491 నుంచి యూరపు కొలువులన్నీ తిరిగిన పెర్కిన్ వార్బెక్‌ను, చెరలోనే పెరిగిన వార్విక్‌ను 1499 నవంబరులో కొన్ని రోజుల తేడాతో చంపించాడు. బాస్వర్త్‌లో తన ప్రాణం కాపాడిన సర్ విలియం స్టాన్లీ, వార్బెక్ పక్షాన చేతులు కలిపాడన్న నేరం మీద 1495లోనే తల పోగొట్టుకున్నాడు.

ఈ రెండు అంచుల మధ్య హెన్రీ పద్ధతిని చక్కగా చూపించే మనిషి సర్రే ప్రభువు థామస్ హోవర్డ్. బాస్వర్త్‌లో రిచర్డు పక్షాన పోరాడి, తండ్రిని ఆ యుద్ధంలోనే పోగొట్టుకుని, ఖైదీ అయ్యాడు. పార్లమెంటు చేసిన అటెయిండర్ అనే చట్టంతో బిరుదు, భూములు, వారసత్వం అన్నీ పోయాయి. 1489లో హెన్రీ ఆయనను విడిపించి, బిరుదు తిరిగి ఇచ్చి, పన్ను మీద తిరుగుబాటు చేసిన యార్క్‌షైర్‌ను అదుపు చేయడానికి పంపాడు. భూములు మాత్రం ఒకేసారి ఇవ్వలేదు. పని చేసిన కొద్దీ కొంత కొంతగా వదిలాడు. తండ్రికి ఉన్న డ్యూక్ బిరుదు హెన్రీ బతికి ఉన్నంత కాలం రానే లేదు. ఆశను పూర్తిగా తీర్చకుండా, పూర్తిగా చంపకుండా నిలిపి ఉంచడమే ఆ మనిషిని విధేయుడిగా ఉంచింది.

[తెరపై: పాత చిట్టా పుట. అడుగున రాజు చేతి సంతకం]

ఇప్పుడు ఖజానా సంగతికి వద్దాం. నా దృష్టిలో అసలు కథ ఇక్కడే ఉంది. ఆనాటి ఇంగ్లండులో రాజు తన సొంత భూముల రాబడితోనే బతకాలన్నది అందరి అభిప్రాయం. పన్ను అనేది యుద్ధం వస్తే పార్లమెంటును అడిగి తెచ్చుకునేది. ప్రవాసంలో పెరిగిన హెన్రీకి ఎస్టేటు నడిపిన అనుభవం లేదు. అందువల్ల మొదట్లో ఒక తప్పు చేశాడు. యార్క్ రాజులు భూముల రాబడిని నేరుగా తమ అంతఃపురపు ఖజానాకు, అంటే ఛాంబర్‌కు తెప్పించుకునేవారు. ఆ ఏర్పాటు చెదిరిపోయి, పాత ఎక్స్‌చెకర్, అంటే రాజ్యపు ఆదాయ లెక్కల శాఖ, చేతికి లెక్కలు తిరిగి వెళ్ళాయి. ఎక్స్‌చెకర్ నిజాయితీగా పని చేసేదే గానీ, పనిలో నత్తనడక. రిచర్డు కాలంలో ఏడాదికి సుమారు 25,000 పౌండ్లు ఇచ్చిన రాజభూములు 1486లో 12,000 పౌండ్లయినా ఇవ్వలేదని లెక్కలు చెబుతున్నాయి.

తప్పు తెలుసుకోవడానికి ఆయనకు ఎక్కువ కాలం పట్టలేదు. దానంగా పోయిన రాజభూములను వెనక్కి తీసుకునే చట్టం వచ్చింది. రాబడి మళ్ళీ ఛాంబర్‌కు మళ్ళింది. మొదట థామస్ లవెల్, 1492 నుంచి జాన్ హెరన్ ఆ చిట్టాలను రాశారు. రాజు ఆ పుటలను స్వయంగా చదివి, ఒక్కొక్క దాని అడుగున సంతకం చేసేవాడు. రాజ్యాధిపతి కిరాణా కొట్టు యజమానిలా జమాఖర్చులు చూసుకోవడాన్ని తర్వాతి తరాలవారు పిసినారితనం అని వెక్కిరించారు. అది సరైన తీర్పు కాదు. ఆభరణాలకు, విందులకు, రిచ్‌మండ్ రాజభవనానికి ఆయన ధారాళంగానే ఖర్చు పెట్టాడు. పాలన చివరికి భూముల రాబడి ఏడాదికి 40,000 పౌండ్లు దాటింది. దానితో పాటు సుంకాలు కూడా పెరిగాయి. తొలి పార్లమెంటే దిగుమతి, ఎగుమతి సుంకాలను జీవితకాలానికి రాసి ఇచ్చింది. 1496లో బుర్గుండితో కుదిరిన ఒప్పందం వల్ల ఉన్ని బట్టల వ్యాపారం కుదుటపడింది.

మైనరు వారసుల ఎస్టేట్లను సంరక్షకుడి హోదాలో రాజు అనుభవించే హక్కు ఒకటి ఉండేది. దాని మీద 1487లో సుమారు 350 పౌండ్లు వస్తే, 1507 నాటికి 6,000 పౌండ్లు వచ్చింది. హక్కు పాతదే. వెంటపడి వసూలు చేయడమే కొత్త.

యుద్ధాన్ని కూడా ఆయన రాబడిగా మార్చాడు. 1492లో ఫ్రాన్సు మీదికి సైన్యాన్ని తీసుకెళ్ళి, కొద్ది వారాల్లోనే ఎటాప్ల్ దగ్గర సంధి చేసుకున్నాడు. ఫ్రాన్సు రాజు ఎనిమిదవ చార్లెస్ ఏడాదికి సుమారు 5,000 పౌండ్ల చొప్పున 7,45,000 బంగారు క్రౌన్లు చెల్లించడానికి ఒప్పుకున్నాడు. యుద్ధం పేరు చెప్పి ప్రజల దగ్గరా, యుద్ధం ఆపినందుకు శత్రువు దగ్గరా డబ్బు తీసుకున్న రాజు ఆయన. అయితే పన్ను ఎంత ప్రమాదకరమో ఆయనకు 1497లో తెలిసింది. వార్బెక్‌కు ఆశ్రయమిచ్చిన స్కాట్లండు మీద యుద్ధానికి పన్ను వేస్తే, ఎక్కడో దూరాన ఉన్న కార్న్‌వాల్ ప్రజలు తిరగబడి, దేశమంతా దాటుకుని లండను పొలిమేరలోని బ్లాక్‌హీత్ వరకు వచ్చారు. ఇరవై నాలుగేళ్ళ పాలనలో పార్లమెంటును ఆయన ఏడుసార్లే పిలిచాడు. జనం మీద పన్ను వేయడం కంటే పెద్దల మెడకు తాడు వేయడం క్షేమమని ఆయన తేల్చుకున్నట్టు కనిపిస్తుంది.

[తెరపై: మైనపు ముద్ర వేసిన పత్రాల కట్ట]

ఆ తాడు పేరు పూచీకత్తు పత్రం. విధేయంగా ఉంటానని, ఫలానా ప్రాంతం దాటనని, ఫలానా అప్పు తీరుస్తానని ప్రభువు రాసి ఇస్తాడు. మాట తప్పితే వందలు, వేలు పౌండ్లు రాజుకు బాకీ పడతాడు. కొందరి విషయంలో స్నేహితులను, బంధువులను కూడా జామీను పెట్టించుకునేవారు. అంటే, ఒకడు తోక జాడిస్తే పదిమంది ఇళ్ళు మునుగుతాయి కాబట్టి, ఆ పదిమందే అతడికి కాపలా. హెన్రీ పాలనలో ఉన్న 62 ప్రభు కుటుంబాల్లో ఈ పత్రాలకో, జరిమానాలకో, అటెయిండర్‌కో ఏదో ఒక సమయంలో చిక్కనివి పదహారు మాత్రమేనని చరిత్రకారులు లెక్క కట్టారు.

1502లో ఆర్థర్, 1503లో రాణి ఎలిజబెత్ చనిపోయాక ఈ పట్టు మరీ బిగిసింది. మిగిలింది ఒక్క కొడుకు, అదీ పసివాడు. యార్క్ వంశపు సఫక్ ప్రభువు విదేశానికి పారిపోయి ఉన్నాడు. ఆ భయంలో న్యాయ నిపుణుల మండలి ఒకటి బలపడింది. అందులో రిచర్డ్ ఎంప్సన్, ఎడ్మండ్ డడ్లీ ముఖ్యులు. పాత హక్కులను, మరచిపోయిన బాకీలను తవ్వి తీసి, జ్యూరీ లేకుండానే పెద్దలను పిలిచి పత్రాలు రాయించుకునేవారు. బర్గవెనీ ప్రభువు కథ ముగిసింది కూడా అలాగే. 70,650 పౌండ్ల స్థానంలో పదేళ్ళలో 5,000 పౌండ్లు కట్టడానికి, రాజు సెలవు లేకుండా కెంట్‌లో, ఆ చుట్టుపక్కల జిల్లాల్లో అడుగు పెట్టకుండా ఉండడానికి ఒప్పుకున్నాడు. రాజుకు కావలసింది సొమ్ము కంటే ఎక్కువగా ఈ రెండవ షరతు.

1509 ఏప్రిల్ 21న హెన్రీ రిచ్‌మండ్‌లో చనిపోతే, ఆ వార్తను రెండు రోజుల పాటు దాచిపెట్టారు. పదిహేడేళ్ళ కొడుకు ఎనిమిదవ హెన్రీ గద్దెనెక్కగానే ఎంప్సన్‌నూ డడ్లీనీ చెరలో వేయించి, చాలా పూచీకత్తులను రద్దు చేశాడు. తండ్రి కూడబెట్టిన సొమ్మును మాత్రం ఉంచుకున్నాడు. టవర్‌లో మరణం కోసం ఎదురు చూస్తూ డడ్లీ, పోయిన రాజు అన్యాయంగా పత్రాలు రాయించుకున్నాడని తాను నమ్మిన వాళ్ళ జాబితా తయారు చేశాడు. అందులో ఎనభైకి పైగా కేసులు ఉన్నాయి. 1510 ఆగస్టు 17న టవర్ హిల్ మీద ఆయననూ ఎంప్సన్‌నూ శిరచ్ఛేదం చేశారు.