పాత లారీ ఫ్యాన్ బెల్టు కీచుమంటోందా? బిగించే ముందు ఇవి చూడండి

[తెర మీద: చిత్తూరు శివారులో మెకానిక్ షెడ్డు. బానెట్ తెరిచిన పాత టాటా మెర్సిడెస్ లారీ.]

ఈ చప్పుడు వినండి. స్టార్ట్ చేయగానే కీ... అని అరుస్తుంది, కాసేపటికి తగ్గిపోతుంది. తగ్గింది కదా అని వదిలేయొద్దు. టెల్కో (ఇప్పటి టాటా మోటార్స్) 1954లో డైమ్లర్-బెంజ్‌తో కలిసి మొదలుపెట్టిన లారీల తరం ఇది. దీనికి బ్యాటరీని చార్జ్ చేసే పాత డైనమో తీసేసి, అదే పని చేసే ఆల్టర్నేటర్ వేశారు. ఆల్టర్నేటర్‌నీ, వాటర్ పంపునీ, ఫ్యాన్‌నీ తిప్పేది ఈ ఒక్క బెల్టే. తోతాపురి లోడుతో మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు ఇది జారిందంటే పంపు నెమ్మదిస్తుంది, రేడియేటర్‌లో నీళ్లు మరిగిపోతాయి.

స్టార్టింగ్‌లోనే ఎందుకు అరుస్తుంది? సెల్ఫ్ కొడితే బ్యాటరీ కొంత దిగుతుంది. దాన్ని నింపేటప్పుడు ఆల్టర్నేటర్ మీద లోడు పడుతుంది, వదులు బెల్టు అక్కడే జారుతుంది. హెడ్‌లైట్లు వేసి చూడండి, చప్పుడు పెరిగితే అనుమానం బలపడినట్టే.

[దగ్గరి షాట్: తిరుగుతున్న బెల్టు లోపలి వైపు నీళ్లు చల్లడం]

భుజం మీద టవల్ ఉంటే ముందు తీసేయండి. చెయ్యి దూరంగా పెట్టి, కాసిని నీళ్లు మాత్రమే చల్లాలి. చప్పుడు ఇంకా పెరిగిందా? బెల్టు జారుతోంది, టెన్షన్ (బిగువు) చాలడం లేదు. కాసేపు ఆగి మళ్లీ మొదలైందా? పుల్లీలు, అంటే బెల్టు తిరిగే చక్రాలు, ఒక వరుసలో లేవు. బండి ఆపి, పుల్లీల ముఖాలకు ఆనించి దారం లాగి పట్టుకుంటే తేడా కనిపిస్తుంది.

ఇంజిన్ ఆపాకే బెల్టు ముట్టుకోండి. పక్క అంచులు అద్దంలా మెరుస్తుంటే ఎంత బిగించినా లాభం లేదు, మార్చాల్సిందే. పుల్లీ గాడి అడుగు కూడా చూడండి. ఇది వీ (V) ఆకారపు బెల్టు, దీని పట్టు పక్కల మీదే ఉండాలి. అడుగు మెరుస్తోందంటే బెల్టు అరిగి కిందికి దిగిపోయింది, లేదా పుల్లీయే అరిగింది. ఆయిల్ తడి ఉంటే ముందు లీకు ఆపండి. సబ్బు రాయడం పరిష్కారం కాదు, జబ్బును దాచడమే.

బెల్టు తీసి, పుల్లీలను ఒక్కొక్కటిగా చేత్తో తిప్పండి. గరగరలాడినా, ఊగినా అరిచేది బేరింగ్, బెల్టు కాదు. చాలామంది తడిమి చూడకుండా వదిలేసేది దీన్నే.

[దగ్గరి షాట్: బొటనవేలితో బెల్టు మధ్యలో నొక్కడం]

అంతా బాగుంటేనే బిగించాలి. రెండు పుల్లీల మధ్య పొడవైన చోట గట్టిగా నొక్కితే సుమారు 12 మిల్లీమీటర్లు దిగాలి. మాన్యువల్‌లో వేరే కొలత ఉంటే అదే లెక్క. ఆల్టర్నేటర్‌ను కడ్డీతో నెట్టేటప్పుడు ముందువైపు గట్టి భాగానికే ఆనించండి. అరుపు ఆగాలని అతిగా బిగిస్తే వాటర్ పంపు బేరింగ్ పోతుంది.

కొత్త బెల్టు వేస్తే మొదటి ట్రిప్పులోనే కొంత సాగుతుంది. లోడు దింపి, ఇంజిన్ చల్లారాక మళ్లీ నొక్కి చూసి సరిచేయండి.