చిన్నపిల్లలతో తొలి కెనూ యాత్ర: ఆల్గాంక్విన్‌లో రెండు రాత్రుల ప్రణాళిక

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. మా ఇంట్లో అమ్మాయికి ఏడేళ్లు, అబ్బాయికి నాలుగేళ్లు. వాళ్లిద్దరినీ వచ్చే వేసవిలో కారు చేరలేని చోటికి కెనూలో, అంటే తెడ్లతో నడిపే సన్నటి పడవలో, తీసుకువెళ్లి, సరస్సు ఒడ్డున డేరా వేసుకుని రెండు రాత్రులు గడపాలని నేనూ నా భార్యా అనుకుంటున్నాము. టొరంటో చుట్టుపక్కల ఉన్న తెలుగు కుటుంబాలలో ఈ కోరిక చాలామందికి ఉన్నా, నీళ్ల భయం, ఎలుగుబంట్ల భయం, తిండి ఎలా అన్న బెంగ అడ్డుపడుతుంటాయి. ఒంటారియోలోని ఆల్గాంక్విన్ ప్రొవిన్షియల్ పార్కుకు పిల్లలతో కెనూ యాత్రలు చేస్తూ వస్తున్న అక్కయ్య ఈ రోజు మనతో ఉన్నారు. అక్కా, ముందుగా ఎక్కడికి వెళ్లాలో చెప్పండి.

అతిథి: నమస్కారం తమ్ముడూ. ఎక్కడికి అన్నదానికంటే ముందు ఎంత దూరం అన్నది తేల్చుకోవాలి. నా సమాధానం ఒక్కటే: తొలి యాత్రలో ఒకే సరస్సు, ఒకే మకాం, రెండు రాత్రులు. ఆల్గాంక్విన్ 1893లో ఏర్పడిన పార్కు; ఏడున్నర వేల చదరపు కిలోమీటర్లకు పైబడిన ఆ అడవిలో సరస్సులు వందల సంఖ్యలో ఉన్నాయి కనుక, పటం చూడగానే రోజుకొక సరస్సు దాటుతూ చుట్టి రావాలని పెద్దవాళ్లకు అనిపిస్తుంది. పిల్లలకు మాత్రం రోజూ డేరా విప్పి, సామాను కట్టి, మళ్లీ పడవలో గంటల తరబడి కదలకుండా కూర్చోవడం శిక్షగా మారుతుంది. వాళ్లకు కావలసింది రాళ్లు ఏరుకోవడానికి ఒక ఒడ్డు, దిగి ఆడుకోవడానికి లోతు లేని నీళ్లు, చూడటానికి ఒక ఉడుత, అంతే. ఆ మూడూ ఒకే మకాంలో దొరుకుతాయి.

వ్యాఖ్యాత: అయితే ఏ సరస్సును ఎంచుకోమంటారు?

అతిథి: 60వ నంబరు హైవే పక్కనే ఉన్న కెనూ లేక్ మొదటి ఎంపిక, రాక్ లేక్ రెండవ ఎంపిక. రెండింటిలోనూ తెడ్డు వేసుకుంటూ వెళ్లి చేరుకునే మకాములు ఉన్నాయి, వాటిని చేరడానికి పోర్టేజ్ అవసరం లేదు. కెనూ లేక్ ఒడ్డున కొన్ని కుటీరాలు ఉన్నాయి, మోటారు పడవలు తిరుగుతుంటాయి. అది నిజమైన అరణ్యం కాదని కొందరు పెదవి విరుస్తారు కానీ, నాలుగేళ్ల పిల్లవాడు పడవలో ఉన్నప్పుడు పిలిస్తే పలికే మనుషులు దగ్గరలో ఉండటం ఎంతో ధైర్యం. ఓపియాంగో లేక్ పార్కులో అన్నింటికంటే పెద్దది, అందమైనది కూడా. అయితే అంత వెడల్పైన నీటి మీద గాలి లేచిందంటే అలలు పెద్దవవుతాయి. తొలిసారి వెళ్లే కుటుంబం దాని జోలికి పోకపోవడమే మంచిది.

వ్యాఖ్యాత: పోర్టేజ్ గురించి కొంచెం వివరంగా చెప్పండి. పటంలో కెనూ లేక్ నుంచి జో లేక్‌కు పోర్టేజ్ 295 మీటర్లే అని చూశాను. అంత చిన్న దూరం నడవలేమా?

అతిథి: నడవగలరు, కానీ లెక్క వేరుగా ఉంటుంది. పోర్టేజ్ అంటే ఒక సరస్సు నుంచి మరొక సరస్సుకు పడవనూ సామానునూ మోసుకుని నడిచే కాలిబాట. పిల్లలతో వెళ్లే కుటుంబం సామానంతా ఒక్క విడతలో మోయలేదు. ఒకసారి మోసి, వట్టి చేతులతో వెనక్కి వచ్చి, రెండోసారి మోయాలి కనుక 295 మీటర్లు కాస్తా దాదాపు తొమ్మిది వందల మీటర్లు అవుతుంది. అయినా అసలు చిక్కు దూరం కాదు. పోర్టేజ్ రెండు చివరలా నీళ్లే ఉంటాయి. మీరు కెనూను తల మీద బోర్లించుకుని నడుస్తున్నప్పుడు మీకు పిల్లలు కనపడరు, కాబట్టి మీ భార్య బరువు మోయకుండా పిల్లలను చూసుకోవాలి. అంటే మొత్తం మోత ఒక్కరి మీదే పడుతుంది. మరొక కుటుంబంతో కలిసి వెళితే ఇది సులువవుతుంది: నలుగురు పెద్దలలో ఒకరు పిల్లల దగ్గర ఉంటే ముగ్గురు మోయవచ్చు. అక్కడ ఒక్కొక్క మకాంలో గరిష్ఠంగా తొమ్మిదిమంది ఉండవచ్చు కనుక నలుగురేసి ఉన్న రెండు కుటుంబాలకు చోటు సరిపోతుంది. రెండు పడవలు కలిసి ఉంటే, ఒకటి తిరగబడినా సాయానికి రెండోది ఉంటుంది.

వ్యాఖ్యాత: తిరగబడటం అన్నారు కాబట్టి అడుగుతున్నాను. నాకు ఈత కొంచెమే వచ్చు, నా భార్యకు అసలు రాదు. మేము వెళ్లవచ్చా?

అతిథి: ఈ సంగతి మొహమాటం లేకుండా చెప్పాలి. మీరిద్దరూ ఈ చలికాలంలో ఈత నేర్చుకోవడం మొదలుపెట్టండి. నగరంలోని కమ్యూనిటీ సెంటర్లలో పెద్దవాళ్లకు కూడా తరగతులు ఉంటాయి. ఈత వచ్చినా రాకపోయినా, నీటి మీద ఉన్నంతసేపూ అందరి ఒంటి మీదా లైఫ్ జాకెట్ ఉండి తీరాలి. పడవలో ఉన్న ప్రతి ఒక్కరికీ సరిపోయే కొలతలో ఒక లైఫ్ జాకెట్ ఉండాలని కెనడా చట్టం చెబుతుంది. దాన్ని పక్కన పెట్టుకోవడం కాకుండా తొడుక్కోవడం మన నియమం కావాలి. నాలుగేళ్ల బాబుకు తల వెనుక పెద్ద కాలరు, కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ, పట్టుకుని పైకి లాగడానికి మెడ దగ్గర పిడి ఉన్నది కొనండి. పెరుగుతాడు కదా అని ఒక సైజు పెద్దది కొనడం మనవాళ్లకు అలవాటు. లైఫ్ జాకెట్ విషయంలో ఆ అలవాటు ప్రమాదకరం, ఎందుకంటే వదులుగా ఉన్న జాకెట్ నీళ్లలో పడగానే తల మీదుగా జారిపోతుంది. తొమ్మిది కిలోలు కూడా లేని పసిపాపలను పడవ ఎక్కించవద్దని కెనడా రవాణా శాఖ చెబుతుంది, కాబట్టి అంత చిన్న బిడ్డ ఉన్న శ్రోతలు ఇంకొక ఏడాది ఆగడం మేలు.

ఇక బయలుదేరడానికి ముందే జూన్, జూలై నెలల్లో నగరానికి దగ్గరలో ఉన్న ఒక చిన్న చెరువులో కెనూ అద్దెకు తీసుకుని సాధన చేయండి. ముందు కూర్చున్నవారు వేగాన్నిస్తారు, వెనుక కూర్చున్నవారు దిశను నడుపుతారు. వెనుక కూర్చునేవారికి జె-స్ట్రోక్, అంటే పడవ తిన్నగా పోయేలా తెడ్డును నీటిలో ఇంగ్లీషు J ఆకారంలో తిప్పే పద్ధతి, వచ్చి ఉండాలి, లేకపోతే పడవ పాములా వంకర్లు తిరుగుతూ పోతుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ వంగి, రెండు అంచులూ పట్టుకుని, పడవ మధ్యలో అడుగు వేయడం పిల్లలకు ఒడ్డునే నేర్పండి. ఒక ఎండరోజు చూసుకుని, లోతు లేని నీళ్లలో మీ అంతట మీరే పడవను తిరగేసి, పిల్లలను దగ్గరకు లాక్కుని పడవను పట్టుకుని ఉండటం అభ్యాసం చేయండి. బోర్లాపడిన కెనూ మునిగిపోదు కనుక దాన్ని వదిలి ఈదకూడదు. పిల్లలను పడవకు తాడుతో కట్టడం మాత్రం ఎన్నడూ చేయకండి.

వ్యాఖ్యాత: ఏ నెల మంచిది అక్కా?

అతిథి: చిన్నపిల్లలతో అయితే ఆగస్టు రెండో సగం. మే నెల మధ్య నుంచి జూన్ మధ్య వరకు బ్లాక్ ఫ్లై అనే నల్ల ఈగలు కుడతాయి, ఆ తరువాత జూలై దాకా దోమలు విజృంభిస్తాయి. పైగా మే నెలలో నీళ్లు ఇంకా చల్లగా ఉంటాయి. అంత చల్లటి నీటిలో పడినవారికి మొదటి నిమిషంలో ఊపిరి అదుపు తప్పుతుంది, ఆ తరువాత పది నిమిషాలలోనే చేతులూ కాళ్లూ పట్టు కోల్పోతాయి. ఆగస్టు చివరికి నీళ్లు వెచ్చబడతాయి, దోమలు తగ్గుతాయి, బడులు తెరవడానికి ఇంకా కొన్ని రోజులు ఉంటాయి. అయినా దోమల మందు తీసుకువెళ్లండి; పిల్లలకు ఐకారిడిన్ ఉన్న మందు వాడమని ఇక్కడి పిల్లల వైద్యులు చెబుతారు. రాత్రిపూట చలి పది డిగ్రీల లోపుకు దిగవచ్చు. నూలు బట్టలు తడిస్తే ఆరవు కనుక ఉన్నివి, పాలిస్టరువి పెట్టుకోండి. అమ్మమ్మ పంపిన మంకీ క్యాప్ ఇంట్లో ఉంటే అది అక్కడ నిజంగా పనికివస్తుంది.

వ్యాఖ్యాత: ఇప్పుడు తిండి సంగతి. మా ఇంట్లో పిల్లలు బ్రెడ్డు తిని రోజు గడపరు.

అతిథి: గడపనక్కరలేదు. మన వంటిళ్లలో ప్రయాణపు తిండికి లోటు లేదు. మొదటి పూటకు చింతపండు పులిహోర కట్టుకుని వెళ్లండి. తరువాతి పూటలకు ఇంట్లోనే రవ్వ వేయించి, పోపు కలిపి, సంచిలో పోసుకుంటే అక్కడ వేడినీళ్లతో పది నిమిషాల్లో ఉప్మా అవుతుంది. అటుకులు, కందిపొడి, నెయ్యి, బియ్యమూ పెసరపప్పూ కలిపిన పులగం, వేరుసెనగ ఉండలు చాలు. ఒక ముఖ్యమైన నియమం ఉంది: పార్కు లోపలి మకాములకు తిండీ పానీయాలూ ఉన్న గాజు సీసాలు, రేకు డబ్బాలు తీసుకువెళ్లడం నిషేధం. కాబట్టి ఆవకాయను గాజు జాడీలో కాకుండా గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకోవాలి. చిన్న గ్యాస్ స్టవ్ తప్పనిసరి. వానకు కట్టెలు తడిసిపోవచ్చు, కొన్ని వేసవులలో మంటలు వేయకూడదన్న ఆంక్షలు కూడా వస్తుంటాయి. ఆకలి వేసిన పిల్లలను ఆ సమయంలో ఆపలేము. తాగే నీటిని సరస్సు నుంచే తీసుకుని, ఫిల్టరు చేయండి లేదా కనీసం ఒక నిమిషం బాగా తెర్లనివ్వండి.

వ్యాఖ్యాత: ఇంగువ, ఆవకాయ వాసనలకు ఎలుగుబంట్లు రావా?

అతిథి: వాసన ఏదైనా వాటిని రప్పించగలదు, పళ్లు తోముకునే పేస్టు కూడా. అందుకే తిండి, చెత్త, పేస్టు, సబ్బు అన్నీ ఒక బ్యారెల్‌లోనో సంచిలోనో వేసి, నేలకు నాలుగు మీటర్ల ఎత్తున, చెట్టు బోదెకు రెండు మీటర్ల ఎడంగా, డేరాకు దూరంగా తాడుతో వేలాడదీయాలి. ఆ కొమ్మను వెతికి తాడు వేసే పని చీకటి పడకముందే, వీలైతే మకాం చేరిన వెంటనే ముగించండి. డేరాలో బిస్కట్టు ముక్క కూడా ఉండకూడదని పిల్లలకు గట్టిగా చెప్పండి. నిజానికి అక్కడ మీకు ఎక్కువగా ఎదురయ్యేవి నల్ల ఎలుగుబంట్లు కాదు, తిండి సంచి కొరికే చిప్‌మంక్‌లూ ఉడుతలూ. ఒకవేళ ఎలుగుబంటి కనిపిస్తే పరుగెత్తవద్దని, వెంటనే అమ్మానాన్నల దగ్గరకు వచ్చి నిలబడాలని ఇంట్లోనే ఒక ఆటలా నేర్పండి.

వ్యాఖ్యాత: ఇంకొక సందేహం. మరుగుదొడ్డి ఎలా ఉంటుంది?

అతిథి: మకాం వెనుక అడవిలో గోతి మీద పెట్టిన చెక్కపెట్టె ఒకటి ఉంటుంది, దానికి మూత ఉంటుంది కానీ గోడలూ పైకప్పూ ఉండవు. అందరూ దాన్ని థండర్ బాక్స్ అంటారు. ఏడేళ్ల పాపకు అది వింతగా అనిపిస్తుంది, నాలుగేళ్ల బాబు భయపడవచ్చు. ఇంట్లో వాడే చిన్న పాటీ సీటు ఒకటి తీసుకువెళ్లండి, రాత్రిపూట డేరా దగ్గరే పని జరిగిపోతుంది. ప్రతి ఒక్కరికీ ఒక తల దీపం, మెడలో ఒక ఈల ఉండాలి. తప్పిపోయానని అనిపిస్తే ఉన్నచోటనే ఒక చెట్టును పట్టుకుని నిలబడి ఈల వేయాలని పిల్లలకు నేర్పాలి.

వ్యాఖ్యాత: మొదటి రోజు ఎలా నడపాలి?

అతిథి: టొరంటో నుంచి మూడు గంటలకు పైగా ప్రయాణం కనుక, ఆ ఉదయమే ఇంటి నుంచి బయలుదేరితే మధ్యాహ్నం గాలిలో తెడ్డు వేయవలసి వస్తుంది. సాధారణంగా పొద్దున సరస్సు నిశ్చలంగా ఉంటుంది, మధ్యాహ్నానికి గాలి పెరుగుతుంది. అందుచేత ముందురోజు సాయంత్రమే వెళ్లి పార్కుకు దగ్గరలోని హంట్స్‌విల్ పట్టణంలోనో, హైవే పక్కన కారు వెళ్లే మకాంలోనో పడుకుని, ఉదయం తొమ్మిది గంటలకల్లా నీటి మీద ఉండండి. మీకు దొరికే పర్మిట్ సరస్సుకే కానీ ఫలానా మకాంకు కాదు; నారింజ రంగు గుర్తు ఉన్న ఖాళీ చోటు దేన్నయినా తీసుకోవచ్చు కనుక ముందుగా వెళ్లినవారికి మంచి చోటు దొరుకుతుంది. సరస్సు నడిమధ్యకు పోకుండా ఒడ్డు వెంబడి సాగండి. అరగంటకొకసారి ఏదో ఒక చిరుతిండి అందించండి, అంత్యాక్షరి ఆడించండి. ఉరుము వినిపిస్తే వెంటనే ఒడ్డు చేరి, చివరి ఉరుము తరువాత అరగంట గడిచాకే మళ్లీ నీటిలోకి దిగాలి.

రెండో రోజు సామాను మోత లేకుండా తేలికైన పడవలో చిన్న విహారానికి వెళ్లవచ్చు. కెనూ లేక్‌లో 1917లో మరణించిన చిత్రకారుడు టామ్ థామ్సన్ స్మారకంగా అదే ఏడాది కట్టిన రాతి కట్టడం ఒడ్డు మీద ఉంది. పడవలోనే అక్కడికి వెళ్లి చూడవచ్చు. లూన్ అనే నీటి పక్షులు తమ పిల్లలను వీపు మీద ఎక్కించుకుని ఈదుతాయి. ఆగస్టుకల్లా ఆ పిల్లలు పెద్దవవుతాయి కానీ, తల్లిదండ్రుల వెంటే తిరుగుతూ కనిపిస్తాయి. కెనడా డాలరు నాణెం మీద ఉన్నది ఈ పక్షేనని చెప్పి, జేబులోంచి నాణెం తీసి చూపండి, మీ అమ్మాయికి ఎంత సంబరమో చూద్దురుగాని.

వ్యాఖ్యాత: మధ్యలో పిల్లలకు జ్వరం వచ్చినా, రోజంతా వాన పడినా?

అతిథి: తిరిగి రావడమే. ఒకే సరస్సు, ఒకే మకాం అని నేను పట్టుబట్టడానికి ఇదే కారణం: కారు గంట, గంటన్నర దూరంలో ఉంటే ఆ నిర్ణయం తీసుకోవడం తేలిక. అలా రావలసిన పరిస్థితులేవో మీరిద్దరూ ఇంట్లోనే మాట్లాడుకుని ఒప్పుకోండి, అక్కడ వానలో వాదించుకోవద్దు. పార్కు లోపల ఫోను సిగ్నలును నమ్ముకోలేము కనుక ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరాన్ని అద్దెకు తీసుకోండి. ఏ చోట కారు నిలుపుతున్నారో, ఏ సరస్సులో ఉంటారో, ఏ రోజు ఏ గంటకు తిరిగి వస్తారో, ఆ సమయం దాటితే ఎవరికి ఫోను చేయాలో కాగితం మీద రాసి ఒక స్నేహితుడికి ఇచ్చి వెళ్లండి.

వ్యాఖ్యాత: అయితే ఇప్పుడు నేను చేయవలసిన మొదటి పని ఏమిటి?

అతిథి: పర్మిట్. రిజర్వేషన్లు ఐదు నెలల ముందు, ఉదయం ఏడు గంటలకు తెరుస్తారు. ఆగస్టు 20న చేరాలంటే మార్చి 20 ఉదయం ఏడింటికి మీరు కంప్యూటరు ముందు కూర్చుని ఉండాలి. ఈలోగా తోడు వచ్చే కుటుంబం ఏదో తేల్చుకోండి. కెనూ లేక్ దొరకకపోతే రాక్ లేక్, ఆ తేదీ దొరకకపోతే దాని తరువాతి వారం అని ముందే రాసి పెట్టుకోండి.