ఆగస్టు రాత్రి తల పైకెత్తితే ఏం కనిపిస్తుంది?

హాయ్ అండీ, అందరికీ నమస్కారం! స్క్రీన్ నల్లగా ఉందని కంగారు పడకండి, బయట లైట్లన్నీ నేనే ఆపేశాను. రాత్రి పదవుతోంది. సమ్మర్ చివరికొచ్చేసింది కాబట్టి చీకటి త్వరగా పడుతోంది, చలి మాత్రం ఇంకా మొదలవలేదు. ఆకాశం చూడ్డానికి ఇంతకన్నా మంచి రోజులు ఉండవని నా అభిప్రాయం.

టెలిస్కోప్ ఏమీ అక్కర్లేదు. ఫోన్ జేబులో పెట్టేస్తే చాలు. కళ్ళు చీకటికి అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్క మెసేజ్ చూసుకున్నారంటే మళ్ళీ మొదటికే!

ఇప్పుడు తల పైకెత్తండి. దాదాపు నడినెత్తిన, తెల్లగా కాస్త నీలం కలిసి మెరుస్తోందే, అది అభిజిత్, ఇంగ్లీషులో వేగా. 25 కాంతి సంవత్సరాల దూరం. అంటే మనమిప్పుడు చూస్తున్న వెలుగు అక్కడ 25 ఏళ్ళ కిందట బయల్దేరింది. దక్షిణం వైపు కొంచెం కిందకి వస్తే శ్రవణం, అంటే ఆల్టెయిర్. మీ జన్మ నక్షత్రం శ్రవణమైతే ఇదిగో, మీదే! ఇది తన చుట్టూ తాను సుమారు తొమ్మిది గంటల్లో తిరిగేస్తుంది. మన సూర్యుడికి దాదాపు 25 రోజులు పడుతుంది. అంత జోరుగా తిరగడం వల్ల శ్రవణం నడుము దగ్గర ఉబ్బి ఉంటుంది. అభిజిత్‌కి తూర్పున ఉన్న మూడోది డెనెబ్, హంస మండలం తోక దగ్గరుంటుంది. మూడింట్లో మసకగా ఉన్నది ఇదే కదా అని చిన్నచూపు చూడకండి. వెయ్యి కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉండి కూడా ఇంత వెలుగు పంపిస్తోంది. ఈ మూడూ కలిపితేనే సమ్మర్ ట్రయాంగిల్.

బైనాక్యులర్స్ ఉంటే హంస తల దగ్గరున్న ఆల్బీరియో వైపు తిప్పండి. చేతులు వణక్కుండా గోడకి ఆనుకోండి. ఒకటే అనుకున్న చుక్క రెండుగా విడిపోతుంది, ఒకటి బంగారు రంగు, పక్కన చిన్నది నీలం. నాకైతే ఈ రాత్రి మొత్తంలో ఇదే హైలైట్.

సిటీ లైట్లకి దూరంగా వెళ్ళగలిగితే ఈ ట్రయాంగిల్ మధ్యలోంచే పాలపుంత కనిపిస్తుంది. దాని వెంటే దక్షిణానికి దిగితే ధనుస్సు. అందులో ప్రకాశంగా ఉన్న చుక్కలు కలిపితే అచ్చం టీపాట్! మన గెలాక్సీ కేంద్రం అటువైపే, సుమారు 26,000 కాంతి సంవత్సరాల దూరంలో. దానికి కుడి పక్కన, నేలకి దగ్గరగా ఎర్రగా ఉన్నది జ్యేష్ఠ. మీరు ఎంత ఉత్తరాన ఉంటే అది అంత కిందకి దిగిపోతుంది, చెట్లు అడ్డొస్తే ఇక అంతే. పడమటన నారింజ రంగులో స్వాతి. సప్తర్షుల తోక వంపు పట్టుకుని వెళ్తే నేరుగా దాని దగ్గరికే చేరతాం.

ఉల్కల సంగతి చాలామంది అడుగుతుంటారు. పెర్సీడ్స్ ఆగస్టు 12, 13 తేదీల దగ్గర జోరుగా ఉంటాయి, నెలాఖరుకి దాదాపు అయిపోతాయి. స్విఫ్ట్-టటిల్ అనే తోకచుక్క వదిలిన ధూళి సెకనుకి 59 కిలోమీటర్ల వేగంతో వచ్చి మన వాతావరణంలో మండిపోతుంది. ఆ తోకచుక్క మొన్న 1992లో సూర్యుడి దగ్గరికొచ్చి వెళ్ళింది, మళ్ళీ రావడానికి సుమారు 133 ఏళ్ళు. అర్ధరాత్రి దాటాకే ఎక్కువ కనిపిస్తాయి, ఎందుకంటే అప్పుడు భూమి వెళ్తున్న దిక్కుకి మనం ఎదురుగా తిరుగుతాం. పౌర్ణమి దగ్గర పడితే మాత్రం చిన్నవన్నీ ఆ వెన్నెల్లో కలిసిపోతాయి, ముందే చూసుకుని ప్లాన్ చేసుకోండి. మిణుకు మిణుకుమంటూ కదిలేది విమానం, మిణకకుండా నిదానంగా జారిపోయేది శాటిలైట్. కామెంట్లలో ఉల్క అని ఫొటోలు పెట్టేముందు ఒక్కసారి ఆలోచించండి మరి!

ఓపికున్నవాళ్ళు తెల్లవారుజామున నాలుగింటికి లేచి తూర్పు చూడండి. కృత్తిక, రోహిణి, మృగశిర వరసగా పైకొచ్చి ఉంటాయి. చలికాలం చుక్కలన్నీ ముందుగానే చూసేయొచ్చు. నేను మాత్రం అలారం పెట్టట్లేదండీ, పొద్దున్నే ఆఫీసు మీటింగ్ ఉంది.