చిన్నపిల్లలకు ప్రకృతి పాఠం: పోస్టర్ కంటే ముందు చెట్టు దగ్గరికి తీసుకెళ్లండి

(స్క్రీన్ మీద: పిల్లలు గీసిన పోస్టర్లు. ఏడుస్తున్న భూగోళం, నరికేసిన చెట్టు, పొగ చిమ్మే ఫ్యాక్టరీ.)

నమస్తే అండి. జూన్ 5, ప్రపంచ పర్యావరణ దినోత్సవం వచ్చిందంటే స్కూళ్లలో ఎక్కడ చూసినా ఇవే బొమ్మలు. భూమి కళ్లలో నీళ్లు, నోట్లో థర్మామీటరు, కింద పెద్ద అక్షరాలతో చెట్లను కాపాడుకుందాం అని ఒక నినాదం. రెండో తరగతి పిల్లలు ఎంతో శ్రద్ధగా, గీత బయటికి పోకుండా రంగులేస్తారు. ఆ పోస్టర్ గీసిన పాపని బయటికి తీసుకెళ్లి "అదిగో, ఆ చెట్టు పేరేంటమ్మా?" అని అడగండి, చాలాసార్లు జవాబు రాదు. పాప తప్పేం లేదు. రోజూ దాని పక్క నుంచే క్లాసుకి వెళ్తుంది కానీ ఆగి చూడమని ఎవరూ చెప్పలేదు. కాపాడమని చెప్పేశాం, ఎవర్ని కాపాడాలో పరిచయం చెయ్యడం మర్చిపోయాం.

ఈ వీడియో అయిదు నుంచి పదేళ్ల లోపు పిల్లలకు పాఠాలు చెప్పే టీచర్ల కోసం, ఆ వయసు పిల్లలున్న అమ్మానాన్నల కోసం. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే: ముందు పరిచయం చేయండి, తర్వాత వాళ్ల చేతికి అందే పనులు అప్పజెప్పండి, ప్రపంచం మునిగిపోతోందనే భయాన్ని మాత్రం ఈ వయసులో వాళ్ల నెత్తిన పెట్టకండి.

డేవిడ్ సోబెల్ అనే అమెరికన్ విద్యావేత్త 1996లోనే దీని గురించి గట్టిగా రాశారు. అడవులు తగలబడిపోవడం, జంతువులు అంతరించిపోవడం లాంటివన్నీ చిన్నపిల్లల మీద కుమ్మరిస్తే వాళ్లు ప్రకృతికి దగ్గరవ్వకపోగా భయపడి దూరం జరుగుతారని ఆయన వాదన. నాలుగో తరగతికి ముందు విషాదాలు వద్దంటారు. ఏడేళ్ల వరకు మొక్కలతో, జంతువులతో చనువు పెరగాలి, ఎనిమిది నుంచి పదకొండు దాకా చుట్టుపక్కల తిరిగి కొత్తవి కనుక్కోవాలి, పన్నెండు వచ్చాక సమస్యల జోలికి వెళ్లొచ్చు అని ఒక వరస చెప్పారు. ఈ వయసులు అచ్చంగా ఇలాగే ఉండాలని పట్టుబట్టక్కర్లేదు గానీ, వరస మాత్రం సరైనదే అని నా నమ్మకం. ఎక్కడో ధ్రువాల దగ్గర మంచు కరిగిపోతోందని ఆరేళ్ల పిల్లాడికి చెబితే వాడేం చెయ్యగలడు చెప్పండి, రాత్రి పడుకుని టెన్షన్ పడటం తప్ప?

(స్క్రీన్ మీద: ఒకే చెట్టు, వేర్వేరు నెలల్లో తీసిన ఫోటోలు.)

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? ఒక్క చెట్టు దగ్గర. జూకి, పార్కుకి, అడవికి ట్రిప్పులు మంచివే, కానీ ఏడాదికోసారి చూసొచ్చే అడవి కంటే వారం వారం పలకరించే ఒక్క చెట్టు ఈ వయసులో ఎక్కువ నేర్పుతుంది. మీ దగ్గర చెట్టు లేదా, గోడ పగుల్లో మొలిచిన పిచ్చి మొక్కైనా పర్లేదు. వారానికో రోజు, అదే టైముకి, పది నిమిషాలు చాలు. మొదటి రోజు మీరేమీ వివరించకండి. "ఏమేం కనిపిస్తున్నాయి?" అని అడిగి ఊరుకోండి, చాలు. కాకి, ఉడత, చీమలు, పైన చిక్కుకున్న గాలిపటం, అన్నీ చెబుతారు, చెట్టు కనిపిస్తోందని మాత్రం ఎవరూ అనరు! పెద్దవాళ్లం మనమూ అంతే. మనిషి చూపు కదిలే వాటి మీదకి పోయి, ఎదురుగా నిలబడ్డ మొక్కని వదిలేస్తుందని 1999లో ఇద్దరు అమెరికన్ శాస్త్ర బోధకులు ప్రత్యేకంగా ఒక వ్యాసమే రాశారు. అందుకే చెట్టుని చూడటం కూడా నేర్పాల్సిన విషయమే.

చూపించడానికి తేలికైన పని ఒకటుంది. తెల్ల కాగితాన్ని బెరడు మీద ఆనించి, పై కాగితం ఒలిచేసిన క్రేయాన్‌ని అడ్డంగా పట్టుకుని రుద్దమనండి. బెరడు మీదున్న పగుళ్లు, బుడిపెలు అన్నీ కాగితం మీదకి దిగుతాయి. పక్కనున్న ఇంకో చెట్టుకీ అలాగే చేయిస్తే, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని తేడాలు వాళ్లే చెబుతారు, మీరు నోరు తెరవక్కర్లేదు.

ఇంకొకటి, ఎండ బాగా కాసే రోజున చెయ్యాలి. పొద్దున్నే ఆకులున్న ఒక చిన్న కొమ్మకి లోపలిది కనిపించే ప్లాస్టిక్ కవర్ తొడిగి, మూతి దారంతో బిగించి కట్టండి. మధ్యాహ్నం వెళ్లి చూస్తే కవర్ లోపలంతా నీటి చుక్కలు పట్టి ఉంటాయి. "టీచర్, నీళ్లు ఎవరు పోశారు?" అని అడుగుతారు, వెంటనే జవాబు చెప్పేయకండి, కాసేపు వాళ్లనే వాదించుకోనివ్వండి. వేళ్లు పీల్చుకున్న నీరు కాండం గుండా పైకెక్కి, ఆకుల మీద, ఎక్కువగా అడుగువైపు ఉండే, కంటికి కనిపించని రంధ్రాల్లోంచి ఆవిరిగా బయటికి వస్తుంది. చెట్టు కింద చల్లగా ఉండటానికి నీడ ఒక కారణమైతే, ఈ ఆవిరి ఇంకో కారణం. అది చెప్పగానే ఒక్కరైనా ఆకు తిప్పి అడుగువైపు చూడబోతారు, అప్పుడు భూతద్దం ఇవ్వండి, రంధ్రాలు దొరకవు గానీ ఈనెలు, నూగు, ఏదో పురుగు పెట్టిన గుడ్లు దొరుకుతాయి. ఒక్క జాగ్రత్త: చూడటం అయ్యాక కవర్ విప్పేయండి, ఎండలో అలాగే ఉంచేస్తే లోపలి ఆకులు మాడిపోతాయి.

(స్క్రీన్ మీద: నిమ్మ ఆకు, దాని మీద పక్షి రెట్ట లాంటి చిన్న మచ్చ. కెమెరా నెమ్మదిగా దగ్గరికి.)

ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే పిల్లలకి నేర్పడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలీదు. ఆకు మీద పక్షి రెట్ట వేసినట్టుంది కదా? అది కదులుతుంది! నిమ్మ జాతి మొక్కల మీద గుడ్లు పెట్టే ఒక రకం సీతాకోకచిలుక పిల్ల అది. లేత ఆకుల మీద తల్లి ఒక్కొక్క గుడ్డే విడివిడిగా పెట్టి పోతుంది. గుడ్డు లోంచి వచ్చిన పురుగు మొదట్లో గోధుమ రంగు మీద తెల్ల మచ్చలతో అచ్చం రెట్టలా ఉంటుంది, దాన్ని తిందామని ఏ పిట్టకీ అనిపించదు. పెరిగే కొద్దీ చర్మం విడుస్తుంది, నాలుగోసారి విడిచాక ఒక్కసారిగా ఆకుపచ్చగా మారిపోయి ఆకుల్లో కలిసిపోతుంది. పుల్లతో కదిపితే తల వెనక నుంచి రెండు పాయల కొమ్ము లాంటిది చటుక్కున బయటికి తీస్తుంది, ఘాటైన వాసన కూడా వస్తుంది. శత్రువుని బెదరగొట్టడానికి దాని దగ్గరున్న ఆయుధం అదే. ఒక్కసారి చూపించి వదిలేయండి, ఇరవై మందీ ఇరవై సార్లు కదిపితే పాపం దానికి తిండి తినే టైము కూడా ఉండదు.

మొదటిసారి చూసినప్పుడు పిల్లలు "ఛీ, పురుగు, చంపేద్దాం" అంటారు. తిట్టకండి, లెక్చర్ ఇవ్వకండి. "రేపు ఎంత పెద్దదవుతుందో చూద్దాం" అనండి. మర్నాటికి పొడవు పెరిగిందా, ఎన్ని ఆకులు తినేసింది, రంగు మారిందా అని పుస్తకంలో గీయించండి. తర్వాత అది సన్నని దారంతో కొమ్మకి నడుము కట్టుకుని ప్యూపాగా, అంటే పురుగుకీ సీతాకోకచిలుకకీ మధ్య దశగా మారి, కదలకుండా ఉండిపోతుంది. ఆ రోజుల్లోనే పిల్లలు ఎక్కువ కంగారు పడతారు, చచ్చిపోయిందేమో అని. వాతావరణాన్ని బట్టి వారం, పది రోజులు, చలికాలంలో ఇంకా ఎక్కువే పడుతుంది. బయటికి వచ్చినప్పుడు రెక్కలు ముడతలు పడి, తడితడిగా ఉంటాయి, ఒంట్లోని ద్రవాన్ని రెక్కల ఈనెల్లోకి పంపి వాటిని విప్పుకుంటుంది. అప్పుడు సాయం చేద్దామని ఎవరైనా చెయ్యి పెడితే రెక్కలు వంకరపోతాయి. చంపేద్దాం అన్న పిల్లాడే "ఎవరూ ముట్టుకోకండ్రా" అని కాపలా కాస్తాడు, చూడండి.

తెలివైన పిల్లలు ఒక మాట అడుగుతారు: మరి మొక్క ఆకులన్నీ తినేస్తోంది కదా, మొక్క సంగతేంటి? మంచి ప్రశ్న, దాటవేయకండి. మొక్క మళ్లీ చిగురిస్తుంది, పురుగుల్లో చాలావాటిని పిట్టలు తినేస్తాయి, గింజలు తిని బతికే పిచ్చుక కూడా తన పిల్లలకి పురుగులే ఏరి పెడుతుంది అని చెప్పండి. పురుగుల మందు కొడితే సీతాకోకచిలుకకి ఏమవుతుందో, పిచ్చుక పిల్లలకి ఏమవుతుందో వాళ్లే ఆలోచించి చెబుతారు. అన్నట్టు, ఒళ్లంతా వెంట్రుకలున్న గొంగళిపురుగుల్ని మాత్రం ముట్టుకోనివ్వొద్దు, దురదలు, దద్దుర్లు వస్తాయి.

వాన పడిన మర్నాడైతే వానపాములు. తడి చేత్తోనే పట్టుకోవాలి, ఎందుకంటే దానికి ఊపిరితిత్తులు లేవు, తడిగా ఉన్న చర్మంతోనే గాలి పీల్చుకుంటుంది. చార్లెస్ డార్విన్ ఏళ్ల తరబడి వానపాముల్ని గమనించి 1881లో, అంటే చనిపోవడానికి ఒక్క ఏడాది ముందు, వాటి మీద ఒక పుస్తకమే వేశారు. ఈల వేసి, పియానో వాయించి వాటికి వినపడుతుందా అని పరీక్షించారు, అవి పట్టించుకోలేదు. వానపాములున్న కుండీని పియానో మీదే పెట్టి మీట నొక్కితే మాత్రం చటుక్కున బొరియల్లోకి దూరిపోయాయి! శబ్దం వినపడదు, అదురు తెలుస్తుంది. పిల్లలు కూడా ఒక డబ్బాలో మట్టి, వానపాము పెట్టి, డబ్బా పక్కన మెల్లగా వేళ్లతో తట్టి చూడొచ్చు. చూశాక ఎక్కడ తీశారో అక్కడే నీడలో, తడి మట్టిలో వదలాలి, అది వాళ్ల చేతే చేయించండి.

(స్క్రీన్ మీద: కుండీలో పాతిన అరటి తొక్క, ఎండుటాకు, వార్తాపత్రిక ముక్క, బిస్కెట్ ప్యాకెట్ రేపర్.)

చెత్త విషయానికొద్దాం. చెత్త విసరొద్దు అని వందసార్లు చెప్పడం కంటే, ఈ నాలుగింటినీ ఒక కుండీలో పాతి, మట్టి ఆరిపోకుండా అప్పుడప్పుడు నీళ్లు చిలకరించి, ఓ నెలన్నర తర్వాత తవ్వించండి. తొక్క ఆనవాలు కూడా దొరకడం కష్టం, కాగితం చేత్తో పట్టుకుంటే విడిపోతుంది, ఆకు సగం చివికి ఉంటుంది. రేపర్ మీద మాత్రం బిస్కెట్ పేరు కూడా చదవొచ్చు. తవ్వే ముందు ఏది ఎలా ఉంటుందో ప్రతి ఒక్కరూ ఊహించి రాయాలి, లేకపోతే సరదా సగమే. చివికిపోయిన వాటిని ఎవరు తిన్నారు అని అడగండి, వానపాములు, కంటికి కనిపించని సూక్ష్మజీవులు, శిలీంధ్రాలు అన్న మాట అక్కడ సహజంగా వస్తుంది. తడి చెత్తకి, పొడి చెత్తకి రెండు బుట్టలు ఎందుకు పెట్టారో ఆ తర్వాత ఎవరికీ చెప్పాల్సిన పని ఉండదు.

నీళ్ల గురించి ఒక చిన్న ప్రదర్శన చాలు. ఒక పాత్రలో వంద చెంచాల నీళ్లు పోసి, ఇది భూమ్మీదున్న నీళ్లన్నీ అనుకోండి అని చెప్పండి. 97 చెంచాలు పక్కకి తీసి ఉప్పు కలిపేయండి, అది సముద్రం. మిగిలిన మూడింటిలో దాదాపు రెండు చెంచాలు మంచుగా గడ్డకట్టి ఉన్నాయి. మిగిలింది కాస్తే, అందులోనూ చాలావరకు భూమి లోపలే ఉంది. ఇక కారుతున్న కుళాయి కింద సీసా పెట్టి నింపనివ్వండి, సెకనుకో చుక్క చొప్పున పడితే రోజుకి 86,400 చుక్కలు, ఈ లెక్క నాలుగో తరగతి పిల్లలు వాళ్లే వేసేస్తారు. కుళాయి బాగు చేయించమని పెద్ద సారుకి ఉత్తరం కూడా వాళ్లనే రాయనివ్వండి.

మొక్కలు నాటే కార్యక్రమం గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. వంద మొక్కలు నాటి ఫోటో దిగి, నెల తిరక్కుండా అవి ఎండిపోతుంటే అదే పిల్లలు రోజూ చూస్తూ క్లాసుకి వెళ్లడం ఎంత అన్యాయం! క్లాసుకి ఒక్క మొక్క నాటండి. వారానికి ఇద్దరు చొప్పున నీళ్ల డ్యూటీ, పేర్లు గోడ మీద రాయాలి, నెలకోసారి స్కేలుతో ఎత్తు కొలవాలి, సెలవుల్లో ఎవరు పోస్తారో సెలవులకి ముందే తేల్చుకోవాలి. అన్నీ చేసినా మొక్క చచ్చిపోవచ్చు. అప్పుడు దాన్ని రాత్రికి రాత్రి మార్చేసి ఇంకోటి పెట్టకండి, వేళ్లు పైకి తీసి చూపించండి, నీళ్లు ఎక్కువయ్యాయా, చెదలు పట్టిందా, మేక తినేసిందా అని కలిసి వెతకండి.

ఇక చివరిగా, మీరు చెప్పకపోయినా టీవీలోనో ఫోన్‌లోనో చూసి పిల్లలు అడిగే పెద్ద ప్రశ్నలు. "టీచర్, భూమి నిజంగానే వేడెక్కిపోతోందా? మనం చచ్చిపోతామా?" అబద్ధం చెప్పొద్దు. అవును, వేడెక్కుతోంది, మనుషులు బొగ్గు, పెట్రోలు ఎక్కువగా కాల్చడమే ముఖ్య కారణం, దాన్ని తగ్గించడానికి చాలామంది పెద్దవాళ్లు పని చేస్తున్నారు, ఇది పెద్దవాళ్లు చెయ్యాల్సిన పని, ఇంత చెబితే చాలు. కొంచెం పెద్ద పిల్లలైతే ఎండలోని హానికర కిరణాల్ని పైనే అడ్డుకునే ఓజోన్ పొర సంగతి చెప్పండి: 1985లో అంటార్కిటికా మీద ఆ పొర బాగా పలచబడిందని శాస్త్రవేత్తలు ప్రకటించారు, 1987లో మాంట్రియల్‌లో దేశాలు కూర్చుని దానికి కారణమైన రసాయనాల తయారీని తగ్గించుకుంటూ పోదామని ఒప్పందం చేసుకున్నాయి, ఇప్పుడు ఆ పొర మెల్లమెల్లగా కోలుకుంటోంది. పాడైంది బాగుపడటం కూడా జరుగుతుందని పిల్లలకి తెలియాలి కదా.

ఆ ప్రశ్న అడిగిన పిల్లాడు ఆ రోజంతా దిగులుగా ఉంటే, ఆ వారం నీళ్ల డ్యూటీలో వాడి పేరు కూడా చేర్చండి.