మాస్టర్ ప్లాన్‌లో మీ భూమి ఏ రంగులో ఉంది? చూసుకోవడం, అభ్యంతరం రాయడం

నమస్తే అన్నలూ, అక్కలూ. స్క్రీన్ కనిపిస్తోంది కదా? ఇది ఒక చిన్న మున్సిపాలిటీ ముసాయిదా మాస్టర్ ప్లాన్ మ్యాపు, అంటే ఏ భూమిలో ఇళ్లు, ఏ భూమిలో పరిశ్రమలు, ఎక్కడ రోడ్లు అని రంగులేసి చూపించేది. ఊరి పేరు కనిపించకుండా కప్పేశాను. పేరు కనిపిస్తే ఏ పార్టీ వాళ్లు గీయించారన్న పంచాయితీ మొదలవుతుంది, మన పని పక్కకు పోతుంది. మన తెలంగాణలో నర్సంపేట అయినా, జమ్మికుంట అయినా, మెట్‌పల్లి అయినా చూసే పద్ధతి ఇదే. వరంగల్, హనుమకొండ, కాజీపేట, వాటి చుట్టూ ఉన్న ఊళ్ల వాళ్లు మాత్రం కుడా (కాకతీయ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ) మ్యాపు చూడాలి, మున్సిపాలిటీది కాదు.

ఈ వీడియోలో రెండే పనులు. మన భూమి ఏ రంగులో పడిందో చూడటం. తప్పుగా పడితే అభ్యంతరం రాసి, దాన్ని రికార్డులోకి ఎక్కించడం.

ఎందుకంత పట్టింపు అంటే, కామారెడ్డి గుర్తుంది కదా. ముసాయిదా ప్లాన్‌లో పంట భూములు ఇండస్ట్రియల్ జోన్‌లోకి వచ్చాయి. రైతులు కలెక్టరేట్ ముందు కూర్చున్నారు, హైకోర్టుకూ వెళ్లారు. చివరికి 2023 జనవరిలో ముసాయిదా రద్దు చేయాలని కౌన్సిలే తీర్మానం చేసింది. అదే నెలలో జగిత్యాలలోనూ అదే జరిగింది. టీవీలో మనకు ధర్నాలు కనిపించాయి. ఆ ధర్నాల పక్కనే సర్వే నంబర్లు వేసి రాసిన అభ్యంతర పత్రాలు కూడా ఆఫీసులో పడ్డాయి. నేను ప్లాన్లు గీసే పనిలో ఉన్నాను కాబట్టి ఆ కాగితం సంగతే చెప్తాను. ధర్నా సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

సరే, మ్యాపు. మున్సిపాలిటీ వెబ్‌సైట్‌లో కానీ, డీటీసీపీ (రాష్ట్ర టౌన్ ప్లానింగ్ శాఖ) సైట్‌లో కానీ పీడీఎఫ్ దొరుకుతుంది. దింపుకోండి. ఫోన్‌లో తెరవకండి. చాలా పెద్ద ఫైలు, ఫోన్‌లో అక్షరాలు అలుక్కుపోతాయి. ల్యాప్‌టాప్ లేకపోతే పెద్ద ప్రింట్లు తీసే జిరాక్స్ షాపులో చూపించుకోండి. లేదంటే మున్సిపల్ ఆఫీసు గోడకు అంటించి ఉంటుంది, అక్కడే ఫొటో తీసుకోండి. కంట్రోల్ నొక్కి మౌస్ చక్రం తిప్పితే పెద్దదవుతుంది. ఇదిగో ఇలా.

రంగులు. పసుపు అంటే ఇళ్లు. నీలం అంటే వ్యాపారం. ఊదా అంటే పరిశ్రమలు. ఎరుపు అంటే ఆఫీసులు, బడులు, ఆసుపత్రులు. ముదురు ఆకుపచ్చ పార్కులు, లేత ఆకుపచ్చ వ్యవసాయం. సాధారణంగా ఇంతే, కానీ ఒక్కో మ్యాపులో ఛాయలు మారతాయి కాబట్టి మూలన ఉన్న లెజెండ్ డబ్బా చూడకుండా ఏదీ అనుకోవద్దు. ఎర్ర గీతలు, నల్ల గీతలు పొలాల మీదుగా పోతున్నాయి చూడండి, అవి ప్రతిపాదిత రోడ్లు. వాటి మీద వెడల్పు రాసి ఉంటుంది. అదీ చూసుకోండి.

ఇప్పుడు మన సర్వే నంబరు వెతకాలి. ఇక్కడ మాత్రం నెమ్మదిగా వెళ్దాం, ఎందుకంటే అందరూ చిక్కుకునేది ఇక్కడే, నేనూ చిక్కుకున్నాను. కంట్రోల్ ఎఫ్ కొట్టి నంబరు టైప్ చేశాను, చూడండి, ఏమీ రావట్లేదు. మ్యాపులో అంకెలు అక్షరాలుగా కాకుండా గీతలుగా ఉంటాయి, అందుకే కంప్యూటర్‌కు అవి దొరకవు. కళ్లతోనే వెతకాలి. ముందు ఊరి హద్దు పట్టుకోండి, తర్వాత చెరువు, తర్వాత చెరువు పక్క నంబర్లు.

దొరికింది. 214 అనుకుందాం. మీ పాస్‌బుక్‌లో ఏముంది? 214/ఆ, లేదా 214/ఇ/2. మ్యాపులో ఏముంది? ఒట్టి 214. బై నంబర్లు ఈ మ్యాపులో ఉండవు! ఇప్పుడు 214 సగం పసుపు, సగం ఊదా. మీ రెండెకరాలు ఏ సగంలో ఉన్నాయి? పాస్‌బుక్ చెప్పదు. అందులో విస్తీర్ణం ఉంటుంది, హద్దులు గీసి ఉండవు. చాలా మంది ఇక్కడ ఊహించుకుంటారు. "మాది రోడ్డు వైపే, పసుపులోనే ఉంటది" అని ఇంటికి పోతారు. ఊహ వద్దు.

ఏం చేయాలి? పొలానికి వెళ్లండి. నాలుగు మూలల్లో నిలబడి, ప్రతి మూలలో ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, నీలం చుక్క మీద వేలు కాసేపు నొక్కి పట్టండి. అంకెలు వస్తాయి. స్క్రీన్‌షాట్ తీసుకోండి. నాలుగు మూలలు, నాలుగు స్క్రీన్‌షాట్లు. చెట్టు కింద కాకుండా ఆరుబయట నిలబడి తీయండి, లేకపోతే చుక్క గెంతుతుంది.

ఇప్పుడు కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ తెరిచాను. ఇది ఉచితమే. మాస్టర్ ప్లాన్ మ్యాపును బొమ్మగా మార్చి దీని మీద పరుస్తున్నాను. ఈ ఇమేజ్ ఓవర్‌లే నొక్కాను, బొమ్మ ఎంచుకున్నాను, పారదర్శకత సగానికి పెట్టాను. ఇప్పుడు కింద నిజమైన ఊరు, పైన రంగుల ఊరు, రెండూ కనిపిస్తున్నాయి. రెండింటినీ జరిపి కలపాలి.

దేంతో కలపాలి? రోడ్డు అంచులతో కలపకండి. రోడ్లు వెడల్పు చేశారు, మలుపులు మార్చారు, అంచు నమ్మడానికి లేదు. కదలని గుర్తులు తీసుకోండి. చెరువు తూము. మత్తడి. రైల్వే గేటు. పాత గుడి. కనీసం మూడు, అవి కూడా ఒకదానికొకటి దూరంగా ఉండాలి. మూడూ ఊరి నడుమే తీసుకుంటే నడుమ బాగా కలుస్తుంది, అంచుల్లో ఉన్న మీ పొలం దగ్గర జరిగిపోతుంది. చూడండి, తూము కలిసింది, గేటు కలిసింది, గుడి దగ్గర కొంచెం తేడా ఉంది, కొంచెం తిప్పుతున్నాను... ఆ, వచ్చింది.

ఇప్పుడు మీ నాలుగు మూలల అంకెలు వేయండి. చతురస్రం ఊదాలో పడింది. ఖాయం. ఖాయం అంటే, పది పదిహేను మీటర్లు అటూ ఇటూ. గీతకు ఆనుకుని ఉంటే మాత్రం సర్వే ఆఫీసులో గ్రామ నక్షా (ఊరి సర్వే మ్యాపు), టీపన్ (ఒక్కో సర్వే నంబరు పటం) నకళ్లు అడగండి. టీపన్‌లో కొలతలు ఉంటాయి. నాకైతే క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ ఇంకా ఇష్టం, అదీ ఉచితమే, ఇంకా కచ్చితంగా కూర్చుంటుంది. కానీ నేర్చుకోవడానికి ఓపిక కావాలి. ఇవాళ దాని జోలికి పోను, మొదలుపెడితే ఆపలేను.

ఒక మాట మధ్యలో. "మాకు నాలా అయిపోయింది, ఇంక జోన్‌తో పనేంటి?" అని అడుగుతారు. నాలా అంటే వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చుకోవడం. అది రెవెన్యూ వాళ్ల పని, ఇదివరకు ధరణిలో, ఇప్పుడు భూ భారతిలో జరుగుతుంది. మాస్టర్ ప్లాన్ జోన్ వేరే లెక్క. నాలా కాగితం చేతిలో ఉన్నా, జోన్ ఊదా అయితే ఇంటి పర్మిషన్ దగ్గర ఆగిపోతుంది. 75 గజాల లోపు ఇంటికి పర్మిషన్ అక్కర్లేదు, రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు అన్న నిబంధన ఉంది, నిజమే. అక్కడ కూడా భూమి వినియోగం సరిపోవాలి. నాలా మాట, 75 గజాల మాట కలిపి చెప్పి ప్లాట్లు అమ్మేవాళ్లు ఉన్నారు, జాగ్రత్త.

చెరువు పక్క వాళ్లు ఇంకోటి చూడాలి, బఫర్, అంటే ఏమీ కట్టకుండా వదలాల్సిన జాగా. 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంతకు పైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు వదలాలి. పది మీటర్ల కంటే వెడల్పైన వాగుకు, నాలాకు (ఇక్కడ నాలా అంటే నీళ్లు పోయే కాలువ) 9 మీటర్లు, అంతకంటే సన్నదానికి 2 మీటర్లు. చెరువు కింద పసుపు రంగు చూసి సంబరపడకండి. 2020లో, 2023లో హనుమకొండ కాలనీల్లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూశాం. మ్యాపులో నాలా గీత మాయమై దాని మీద పసుపు ఉంటే, అది మీ భూమి కాకపోయినా అభ్యంతరం పెట్టండి. భూమి ఉన్నవాళ్లే రాయాలని ఎక్కడా లేదు.

అదే మిల్లు సంగతి కూడా. మన దగ్గర ఎక్కువ వచ్చే గొడవ ఇదే. కాలనీ పక్కన ఊదా రంగు పడుతుంది, ఉప్పుడు బియ్యం మిల్లు వస్తుంది, ఆరేసిన బట్టల మీద ఊక బూడిద. మిల్లు వచ్చాక కౌన్సిలర్ ఇంటికి పోతే ఆయన మాత్రం ఏం చేస్తాడు? పర్మిషన్ టీజీ ఐపాస్ (పరిశ్రమల అనుమతుల ఆన్‌లైన్ పద్ధతి, ఇదివరకు టీఎస్ ఐపాస్) దారిలో వస్తుంది, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి వేరే. రంగు వేసేటప్పుడు అడగడమే తేలిక.

ఇక ఉత్తరం. గూగుల్ డాక్స్‌లో మైకు నొక్కి తెలుగులో మాట్లాడండి, అదే టైప్ చేస్తుంది, తర్వాత తప్పులు దిద్దుకోండి. కమిషనర్ గారికి. విషయం: ఫలానా తేదీ ముసాయిదా మాస్టర్ ప్లాన్‌పై అభ్యంతరం, సర్వే నంబరు ఇంత, గ్రామం ఇది. తర్వాత మ్యాపులో ఏం చూపించారు, నేల మీద ఏముంది, మాకు ఏం కావాలి. ఇంతే. మ్యాపు స్క్రీన్‌షాట్ మీద ఎర్ర గుండ్రం, పాస్‌బుక్ నకలు, పంట ఉన్న ఫొటో జత చేయండి. "రైతుల పొట్ట కొట్టొద్దు" అని రాయొచ్చు, తప్పు లేదు, కానీ అదొక్కటే రాస్తే జవాబు చెప్పాల్సిన అవసరం వాళ్లకు ఉండదు. "సర్వే నంబరు 214లో రెండు పంటలు పండుతున్నాయి, చెరువు ఆయకట్టు, వ్యవసాయ జోన్‌లోనే ఉంచాలి" అంటే దానికి ఏదో ఒకటి రాయక తప్పదు.

ఇంకోటి, ఒకే కాగితం వంద జిరాక్సులు తీసి వంద సంతకాలు పెట్టించడం. చేయండి, కానీ దాన్ని ఒకే అంశంగా కట్టేసే వీలుంది. ఎవరి సర్వే నంబరుకు వాళ్లది విడిగా ఇస్తే ఎన్ని ఇస్తే అన్ని అంశాలు. గడువు ఎంతో ప్రకటనలోనే ఉంటుంది, ఆఖరి రోజుదాకా ఆగొద్దు. ఆఖరి రోజు సెలవు వచ్చినా, సర్వర్ డౌన్ అయినా టెన్షన్ మీకే.

రెండు కాపీలు పట్టుకెళ్లండి. ఒకటి వాళ్లకు, రెండోదాని మీద ముద్ర, తేదీ, ఇన్‌వార్డ్ నంబరు (కాగితం అందినట్టు ఆఫీసు వాళ్లు రిజిస్టర్‌లో ఎక్కించే నంబరు) వేయించుకోండి. "టేబుల్ మీద పెట్టి పోండన్నా, సార్ వచ్చాక చూస్తారు" అంటే పెట్టి రావద్దు. ముద్ర వేయనంటే స్పీడ్ పోస్ట్‌లో పంపి రసీదు దాచుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది, అక్కడా ఒకటి ఇవ్వండి. నెల తర్వాత ఏం చేశారో ఆర్టీఐలో అడిగేటప్పుడు ఆ ఇన్‌వార్డ్ నంబరే వేయాలి. అది లేకపోతే "అలాంటి పత్రం అందలేదు" అన్న జవాబు వస్తుంది.

కౌన్సిల్ సంగతి త్వరగా చెప్పేస్తాను. మాస్టర్ ప్లాన్‌కు ఆఖరి ఆమోదం కౌన్సిల్‌ది కాదు, ఫైలు డీటీసీపీకి, అక్కడి నుంచి ప్రభుత్వానికి పోయి జీవో రావాలి. కానీ కౌన్సిల్ తీర్మానానికి ఎంత బరువు ఉంటుందో కామారెడ్డిలో చూశాం. 2025 జనవరిలో పాలకవర్గాల గడువు ముగిశాక ప్రత్యేకాధికారులు వచ్చారు. అలాంటప్పుడు కాగితం వాళ్లకే ఇవ్వాలి. పాలకవర్గం ఉన్నప్పుడు మీ వార్డు కౌన్సిలర్‌కు ఒక కాపీ ఇచ్చి ఎజెండాలో పెట్టించమనండి. 2019 చట్టం ప్రకారం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలి: యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులు. ఒక్కో దాంట్లో 15 మంది. మీ వార్డు కమిటీల్లో ఎవరున్నారో అడిగి చూడండి, కొన్ని చోట్ల ఆ సభ్యులకే తెలియదు.

మీటింగ్‌కు ముందు ఎజెండా కాపీ కౌన్సిలర్ దగ్గర చూసుకోండి. జోన్‌కు సంబంధించిన అంశం అందులో లేదని నిమ్మళంగా ఉండొద్దు. టేబుల్ ఎజెండా అని ఒకటుంది, మీటింగ్ రోజు అప్పటికప్పుడు పెట్టేది. భూమి అంశాలు అందులో వచ్చే వీలు ఎక్కువ. అందుకే మీటింగ్ అయ్యాక తీర్మానాల కాపీ కూడా అడగండి.

ఉత్తరం నమూనా వీడియో కింద పెట్టాను, పేరు, సర్వే నంబరు మార్చుకోండి చాలు. గూగుల్ ఎర్త్‌లో మ్యాపు కూర్చోకపోతే మూడో గుర్తు మార్చి చూడండి, ముక్కాలు వంతు తేడా అక్కడే పోతుంది. ఉంటాను.